యువ నాయకత్వానికి కిరాయి శాలువాలు

మొదట్లో సారంగపాణి చేతిలో ఉన్నవి ఇవి: రెండు వందల నలభై శాలువాలు, ఇరవై మూడేళ్ల కూతురు హారిక, ఆ పిల్లకు దొరికిన ఒక సీటు.

శాలువాలు వరంగల్ బట్టల బజారులోని ఆయన దుకాణంలో ఉన్నాయి. సీటు అఖిల భారత నిత్యదీప సమాజం వారి జాతీయ యువ నాయకత్వ శిక్షణలో ఉంది. నిత్యదీపం వాళ్లంటే ఇంట్లో ఒక దీపం ఆరిపోకుండా చూసుకుంటూ, గురువారం గురువారం ఒకచోట చేరి భజన చేసుకునేవాళ్లు. పన్నెండు రాష్ట్రాల్లో ఉన్నారు. ఏటా ఆ రాష్ట్రాల నుంచి ముప్పై రెండు మంది యువతీయువకులను ఏరి, నలభై రోజులు ఒకచోట ఉంచి, ఊళ్లలో పని చేయడం, పదిమందిని కూడగట్టడం, వరదొస్తే ఏం చేయాలి, జ్వరాలొస్తే ఏం చేయాలి అన్నీ నేర్పి పంపుతారు. పద్దెనిమిదేళ్లుగా నడుస్తోంది. ఈ ఏడు తెలంగాణ మొత్తానికి హారిక ఒక్కతే ఎంపికైంది.

నలభై రోజులు సెలవు కుదరదంది ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు. హారిక ఉద్యోగం మానేసింది. నెలకు పదకొండు వేలు. సారంగపాణి ఆ పదకొండు వేలను మనసులో పెట్టుబడి కింద వేసుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారమే హన్మకొండలో సభ జరిగింది. సమాజం జాతీయ అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారు మైకు ముందుకు వచ్చారు. ఆయన వయసు డెబ్బై ఒకటి. పూర్వం ఒక కార్పొరేషన్‌కు మూడుసార్లు చైర్మన్‌గా చేశారు. అది ఏ కార్పొరేషనో గుర్తులేనంత నిరాడంబరులు.

"సోదర సోదరీమణులారా! యువతే మన భవిష్యత్తు. భవిష్యత్తు ఎప్పుడైనా రావలసిందే కాబట్టి మనం తొందరపడనక్కరలేదు. అందుకే జాతీయ యువ నాయకత్వ శిక్షణ నిధులను ఈ ఏడాది సగానికి రేషనలైజ్ చేస్తున్నాం. కొందరు దీన్ని కోత అంటారు. ఇది కోత కాదు. ఫోకస్!"

చప్పట్లు మోగాయి. సారంగపాణి కూడా కొట్టాడు. వేదిక మీద నలభై మంది పెద్దలు కూర్చున్నారు. నలభై మందికీ శాలువాలు కప్పారు. నలభయ్యీ ఆయన దుకాణంలోవే. నూట ముప్పైకి కొని రెండు వందల ఇరవైకి అమ్మే మనిషి అంతటి సభలో చప్పట్లు కొట్టకపోతే మర్యాదగా ఉండదు.

ఇంటికి రాగానే హారిక ఎదురొచ్చింది.

"బాపూ, నలభై రోజులు ఇరవై అయినయట గదా?"

"అయినయి బిడ్డా. కానీ ఫోకస్ పెరిగింది."

వంటింట్లోంచి ఆయన భార్య పద్మలత తొంగిచూసింది. "గా ఫోకస్ కిలో ఎంతయ్యా? పోయిన నౌకరీల సగమన్న వాపస్ ఇస్తరా, అడిగినవా?"

అడగలేదు. అందుకని మర్నాడు శాలువాల బిల్లు పట్టుకుని సమాజం ఆఫీసుకు పోయాడు. కోశాధికారి మల్లికార్జున్ బిల్లు మీద సంతకం చేస్తూ కుర్చీ చూపించాడు.

"ఈ ఏడు కానుకలు తక్కువ వచ్చినయా సాబ్?" అన్నాడు సారంగపాణి.

"ఏడ తక్కువ? పోయినేటికన్న ఎక్కువే వచ్చినయి."

"మరి పిల్లల పైసలు ఎందుకు తగ్గినయి?"

"మన కొత్త జాతీయ భవనం ఉన్నది గదన్నా. గురువుగారి పటం మూడో అంతస్తుల పెట్టిండ్రు. అధ్యక్షుల సారుకు మోకాళ్ల నొప్పులు. గురువుగారి దర్శనం లేకుంటే సంప్రదాయం ఎట్ల నడుస్తది చెప్పు? లిఫ్టు పెడ్తున్నం."

సారంగపాణికి ఇందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా నెమ్మదిగా, "మా పిల్ల నౌకరీ ఇడిచిపెట్టింది సాబ్," అన్నాడు.

"ఫికర్ చెయ్యకన్నా. కోత మీద నీకు అనుమానముంటే ఒక కాయితం రాసియ్యి. సమీక్షా కమిటీ ఏస్తం."

కాయితం రాసిచ్చాడు. సమాజంలో కాయితానికి ఎంత విలువ ఉందో ఆ వారమే తెలిసింది. ఇరవై ఒక్కమందితో 'నిధుల కోత సమీక్షా కమిటీ' ఏర్పడింది. దాని ఖర్చు ఏ పద్దు కింద వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అధ్యక్షులు క్షణం ఆలోచించలేదు. యువత కోసం వేసిన కమిటీ కాబట్టి యువత పద్దు కిందే వేయమన్నారు.

కమిటీ మూడుసార్లు సమావేశమైంది. మొదటిసారి హన్మకొండలో, రెండోసారి నర్సంపేటలో. మూడోసారి రామప్ప గుడి చూసినట్టూ ఉంటుందని పాలంపేటలో. సమావేశమైన ప్రతిసారీ సభ్యులందరికీ సన్మానం. ఇరవై ఒక్క మంది, మూడు సన్మానాలు, అరవై మూడు శాలువాలు.

శాలువా వ్యాపారం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సన్మానపు శాలువాను ఎవరూ కప్పుకోరు. భుజం మీద పడుతుంది, ఫోటో దిగుతుంది, కుర్చీ వీపు మీదికి పోతుంది. అక్కడినుంచి కారు డిక్కీలోకి, డిక్కీలోంచి డ్రైవర్ చంకలోకి, పది రోజుల్లో డ్రైవర్ చంకలోంచి మళ్లీ సారంగపాణి దుకాణంలోకి వస్తుంది. ఇస్త్రీ చేసి కొత్త కవర్‌లో పెడితే అది మళ్లీ కొత్త గౌరవమే. నాలుగు జిల్లాల పెద్దల భుజాలు చూసి కూడా ఒక్క నూలుపోగు చెదరని శాలువాలు ఆ దుకాణంలో ఉన్నాయి.

కమిటీ రిపోర్టు పదకొండు పేజీలు వచ్చింది. శిక్షణ దెబ్బతింటున్న మాట నిజమేనని కమిటీ నిర్భయంగా తేల్చింది. మిగిలిన నిధులు సమీక్షకు ఖర్చు కావడమే అందుకు కారణమని అంతే నిర్భయంగా చెప్పింది. ఇరవై రోజులు ఏడయ్యాయి.

ఇక హారిక ఊరుకోలేదు. ఎంపికైన ముప్పై రెండు మందినీ ఫోన్లు చేసి పట్టుకుంది. వాట్సాప్ గ్రూప్ పెట్టింది. అస్సాం అమ్మాయి హిందీలో రాస్తే, నాగపూర్ అబ్బాయి దాన్ని ఇంగ్లిషులో పెడితే, హారిక తెలుగులోకి దింపింది. అందరి సంతకాలతో ఒకే ఉత్తరం తయారైంది: మాకు భవనాలు వద్దు, భోజనాలు మేమే వండుకుంటాం, చాపల మీద పడుకుంటాం, మా నలభై రోజులు మాకివ్వండి.

ఆ ఉత్తరాన్ని రాజేశ్వర్ రావు గారు రెండుసార్లు చదివారు. ఆయన కళ్లు చెమర్చాయి. హారికను ప్రత్యేకంగా సభకు పిలిపించి, ఉత్తరాన్ని పైకెత్తి చూపించారు.

"చూడండి! పన్నెండు రాష్ట్రాల యువతను ఏకం చేసిందీ అమ్మాయి. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు! శిక్షణ లేకుండానే ఇంత నాయకత్వం వచ్చిందంటే, ఇంకా శిక్షణ దండగ అని నేను అనను. ఒక్క రోజు చాలు అంటాను!"

హాలు దద్దరిల్లింది. మల్లికార్జున్ శాలువా తెచ్చాడు.

"సార్, శాలువా వద్దు సార్. రోజులు కావాలె," అంది హారిక.

"వినయం! ఆ వినయం చూడండి!" అన్నారు అధ్యక్షులు. శాలువా కప్పేశారు.

వేదిక మీది పెద్దలు ఇరవై ఐదు మంది, హారిక ఒకతి. ఇరవై ఆరు శాలువాలు. సొంత కూతురికి కప్పిన శాలువా మీద లాభం తీసుకోవాలా వద్దా అని సారంగపాణి ఆ రాత్రంతా ఆలోచించాడు. కొన్నది సమాజం, కప్పుకున్నది బిడ్డ, రెండూ వేర్వేరు పార్టీలు అని తెల్లవారుజామున తేల్చుకుని నిద్రపోయాడు.

పది రోజుల తర్వాత మల్లికార్జున్ తానే దుకాణానికి వచ్చాడు. చాయ్ తెప్పించుకున్నాడు. తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"సారంగపాణన్నా, ఒక్క రోజు గుడ అయితలేదు. మూడు గంటలు చేసినం. యువత పద్దుల పైసలు అయిపోవచ్చినయి. జర నువ్వే సాయం జెయ్యాలె."

"చెప్పుండ్రి సాబ్."

"శాలువాలు కిరాయికి ఇస్తవా?"

సారంగపాణి ముప్పై ఏళ్లుగా దుకాణంలో కూర్చుంటున్నాడు. గౌరవాన్ని కిరాయికి అడిగిన మనిషి ఇంతవరకూ రాలేదు. "శిక్షణే లేనప్పుడు శాలువాలెందుకు సాబ్?" అన్నాడు.

"అదే గదన్నా అసలు ముచ్చట. ఈ శిక్షణకు పైసలిచ్చే ట్రస్టోళ్లు ఢిల్లీల ఉన్నరు. శాలువాలు కప్పుకొని, సర్టిఫికెట్లు పట్టుకొని ముప్పై రెండు మంది కూసున్న ఫోటో పోకుంటే వచ్చేటి గ్రాంట్ ఆపుతరు. గ్రాంట్ రాకుంటే లిఫ్టుకు జనరేటర్ రాదు. కరెంటు పోతే సారు మధ్యల ఇరుక్కుంటడు."

గంటసేపు బేరమాడి, ఎనిమిది శాలువాలు, కప్పిన ప్రతి భుజానికి ఎనిమిది రూపాయలు అని ఖాయం చేసుకున్నారు. పులుసు మరక పడితే శాలువా ఖరీదు మొత్తం కట్టాలని సారంగపాణి షరతు పెట్టాడు.

శిక్షణ రోజు రానే వచ్చింది. దారి ఖర్చులకు పద్దు లేదు కాబట్టి బయటి రాష్ట్రాల ముప్పై ఒక్క మందినీ ఆన్‌లైన్‌లో పాల్గొనమన్నారు. స్థానికురాలు గనుక హారిక మనిషిగా వచ్చింది. పొద్దున ఏడింటికే వచ్చింది, ఎందుకంటే లాప్‌టాప్ తెరవడం కమిటీలో ఎవరికీ చేతకాదు. తెర కట్టి ముప్పై ఒక్క మందినీ గోడ మీదికి తెచ్చింది. మైకు కూత పెడితే దాని వైరు మార్చింది. భోజనాల బండి వర్ధన్నపేట దగ్గర ఆగిపోయిందని ఫోనొస్తే, రెండు ఆటోలు మాట్లాడి గిన్నెలతో సహా తెప్పించింది. ఆన్‌లైన్ వాళ్లు గోడ మీద మరీ పెద్దగా కనబడుతున్నారని, మొదటి ఉపన్యాసానికి ముందే అధ్యక్షులు తెర ఆర్పించారు.

ఉపన్యాసాలు రెండు గంటల నలభై నిమిషాలు సాగాయి. అందరూ యువత మాట్లాడాలన్నారు. మధ్యలో, సభ చూడవచ్చిన యాకమ్మ అనే ముసలమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. హారిక ఆమెను ఎత్తించి, నీళ్లు పట్టి, దవాఖానకు తీసుకుపోవడానికి బయట ఆటో పిలుస్తోంది.

మిగిలిన ఇరవై నిమిషాల్లో అసలు కార్యక్రమం మొదలైంది. వరసకు ఎనిమిది కుర్చీలు, నాలుగు వరసలు. ఫోటోగ్రాఫర్ మొగిలి కెమెరా దించేశాడు.

"సార్, కుర్చీలల్ల ఎవ్వలూ లేరు."

రాజేశ్వర్ రావు గారు చిరునవ్వు నవ్వారు. "యువత అంటే వయసా మొగిలీ? మనసు! రండయ్యా, కూర్చోండి!" అంటూ మొదటి కుర్చీలో తానే కూర్చున్నారు.

కమిటీ సభ్యులు ఇరవై ఒక్కరూ కూర్చున్నారు. మల్లికార్జున్ కూర్చున్నాడు. ఐదుగురు డ్రైవర్లు వచ్చారు. వంటమనిషి సారయ్య గరిటె కింద పెట్టి, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. లెక్కపెడితే ముప్పై ఒకటి.

"సారంగపాణీ, నువ్వు కూడా రావయ్యా," అన్నారు అధ్యక్షులు.

"నాకు యాభై ఎనిమిది సార్."

"నాకు డెబ్బై ఒకటి! నేను కూర్చోలేదా?"

ఉన్నవి ఎనిమిదే శాలువాలు. మొగిలి ఒక్కో వరసనే ఫోటో తీసి తర్వాత కంప్యూటర్‌లో అతికిస్తానన్నాడు. సారంగపాణి మొదటి వరసకు శాలువాలు కప్పాడు. క్లిక్‌మనగానే వెనకనుంచి లాగి రెండో వరసకు కప్పాడు. మూడో వరసకు చేయి అలవాటైంది. నాలుగో వరసలో ఏడుగురికి కప్పి, ఎనిమిదోది తానే కప్పుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు.

సర్టిఫికెట్లు ముందే అచ్చయ్యాయి. మల్లికార్జున్ దొంతరలోంచి వరసగా పంచాడు. సారయ్యకు అస్సాం అమ్మాయిది వచ్చింది. సారంగపాణి తన చేతికొచ్చింది చూసుకున్నాడు. హారిక, తెలంగాణ, ప్రథమ శ్రేణి.

ఆయన లేవబోయాడు. "సార్, ఈ సీటు మా బిడ్డది. బయటనే ఉన్నది సార్, పిలుస్తా."

"పనిలో ఉంది కదయ్యా. నాయకులను పని చేసుకోనివ్వాలి," అన్నారు రాజేశ్వర్ రావు గారు.

"చెయ్యి దించుండ్రి సేటూ, ఫోటోల అడ్డమొస్తాంది," అన్నాడు మొగిలి.

కిరాయి ఇంకా చేతికి రాలేదు. సారంగపాణి చెయ్యి దించి కూర్చున్నాడు.

హారిక చీకటి పడ్డాక ఇల్లు చేరింది. యాకమ్మకు సెలైన్ ఎక్కించి, ఇంటి దగ్గర దింపి వచ్చింది. బల్ల మీది సర్టిఫికెట్ తీసి చదివింది. తర్వాత తండ్రి ఫోన్‌లో మొగిలి పంపిన ఫోటో చూసింది. చివరి కుర్చీని వేళ్లతో పెద్దది చేసింది.

"నా సీట్ల నువ్వు కూసున్నవా బాపూ?"

సారంగపాణి తలూపాడు.

"ఏం నేర్పిండ్రు?"

ఆయన నిజాయితీగా గుర్తు చేసుకున్నాడు. "లేవబోతే కూసోమన్నరు బిడ్డా. కూసున్న."

హారిక సర్టిఫికెట్‌ను తండ్రి ముందే పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయింది. సారంగపాణి కళ్లజోడు పెట్టుకుని లెక్క మొత్తం తేల్చాడు.

అమ్మిన శాలువాలు నూట ఇరవై తొమ్మిది. వాటి మీద లాభం పదకొండు వేల ఆరు వందల పది. కిరాయి రెండు వందల యాభై ఆరు, వచ్చే గ్రాంటులో ఇస్తామన్నారు. పోయినవి ఒక నౌకరీ, నలభై రోజులు. వచ్చినది ఒక యువ నాయకుడు, వయసు యాభై ఎనిమిది.