అద్దంలాంటి బానెట్టు

ఆ శనివారం ఉదయం కొత్త కారు తెచ్చుకోవడానికి బయలుదేరుతూ రామభద్రరావుగారు జేబులో ఒక టార్చిలైటు, ఒక భూతద్దం పెట్టుకున్నారు. ఆయన భార్య కల్పలత సంచిలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ పెట్టుకుంది. ఎవరి పనిముట్లు వారివి.

"పదకొండున్నరకి వర్జ్యం మొదలవుతుందండీ. ఈలోగా బండి షోరూం గేటు దాటాలి," అంది కల్పలత.

"వర్జ్యం గంటన్నరలో పోతుంది కల్పా. రంగులో లోపం పదేళ్లుంటుంది."

రావుగారు బేగంపేటలో ఒక కంపెనీలో ఆడిట్ చూస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటున్న మనిషి. రాంగోపాల్‌పేట్‌లో తాముండే అపార్ట్‌మెంటులో కిందటి నెల రఘునాథ్ కొత్త కారు కొని అందరికీ మైసూర్‌పాక్ పంచితే, ఈయన రెండు ముక్కలు తిని, చేతులు తుడుచుకుని, బానెట్టు మీదికి వంగి, "ఆరెంజ్ పీల్," అన్నారు. రంగు నున్నగా పరుచుకోకుండా కమలాపండు తొక్కలా సన్నగా గరుకు తేలడాన్ని అలా అంటారట. ట్యూబులైటు నీడ అందులో వంకరగా కనబడుతుందట. మూడు వీడియోలతో అబ్బిన విద్య.

ఆ రోజు నుంచి రఘునాథ్ భార్య లిఫ్టులో కల్పలతతో మాట్లాడటం మానేసింది. రఘునాథ్ మాత్రం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, "రావుగారి కారు రానివ్వండి, అందరం టార్చిలతో స్వాగతం చెబుదాం," అని రాశాడు. పదకొండు ఫ్లాట్ల వాళ్లు బొటనవేళ్లు ఎత్తారు. ఇక ఇవాళ తెచ్చే కారు రంగులో వంక కనబడిందంటే, రావుగారు తలెత్తుకుని లిఫ్టు ఎక్కలేరు. మెట్లెక్కుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు.

షోరూంలో సృజన అనే అమ్మాయి నవ్వుతూ కారు మీది పట్టుగుడ్డ లాగింది. ఇద్దరు కుర్రాళ్లు రంగుకాగితాల గొట్టాలు పేల్చారు. ముదురు నీలం కారు మీద పడ్డ కాగితాలను రావుగారు పక్కకి ఊది, వంగి, బానెట్టులో పైకప్పు ట్యూబులైట్ల నీడలు చూశారు.

"ఇది వద్దు. ట్యూబులైటు పాకుతోంది."

"సార్, కేక్ కట్ చేసి ఫోటో దిగుదాం సార్. ఫస్ట్ ఫోటో, తర్వాత చెకింగ్."

"అమ్మాయ్, పెళ్లయ్యాక పెళ్లిచూపులుంటాయా?"

రెండో కారు తెచ్చారు. దాని తలుపు మీద తొక్క. మూడోది తెచ్చారు. తొక్క కాస్త తక్కువే గానీ, తుడిచిన గుడ్డ గీతలు భూతద్దంలో సాలెగూడులా కనిపించాయి. రావుగారు ఆ గీతలను బిగ్గరగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అదే ఆయన చేసిన పొరపాటు. పక్కన కమలాబాయి అనే పెద్దావిడ కొడుకు కారుకి హారతి ఇవ్వబోతూ, హారతి పళ్లెం కొడుకు చేతిలో పెట్టి వచ్చింది. రావుగారి టార్చి అడిగి తీసుకుని వెళ్లి తమ కారు మీద వేసింది.

"ఓ యుగంధర్ సారూ! మా దాన్ల సుత తొక్క ఉన్నది! మాకేం తొక్క బండి అంటగడ్తున్నరా?"

మరుక్షణం ఆ హాల్లో ఉన్న కొనుగోలుదార్లందరి ఫోన్లలోనూ టార్చిలు వెలిగాయి. ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని బంపరు వాసన చూశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కొత్త బళ్ల పూజకి వచ్చిన పూజారి దక్షిణ ముందే తీసుకున్నాడు కనుక ప్రశాంతంగా కేకు తింటున్నాడు.

మేనేజరు యుగంధర్ పరుగున వచ్చాడు.

"సార్, మీకు దండం పెడ్తా. గిట్ల అందరినీ పరేషాన్ చెయ్యకున్రి. కంపెనీ పెయింట్ గిట్లనే ఉంటది సార్!"

"అద్దంలా ఉండాలి. లేదంటే ఇక్కడే కూర్చుంటాను. నాకు ఇవాళ సెలవే."

టైము పదకొండు దాటింది. కల్పలత గడియారం వంక, భర్త వంక, మేనేజరు వంక చూసింది. ముగ్గురిలో గడియారమే ప్రశాంతంగా ఉంది.

యుగంధర్ ఒక నిమిషం ఆలోచించాడు. పక్కకి వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. పావుగంటలో వెనక షెడ్డు వైపు నుంచి ఇంకో నీలం కారు వచ్చింది. రావుగారు వంగారు. బానెట్టులో ట్యూబులైటు స్కేలు పెట్టి గీసినట్టు నిలబడింది. తలుపుల్లో ఆయన మీసం వెంట్రుకలు విడివిడిగా కనబడ్డాయి.

"చూశావా కల్పా? గట్టిగా అడిగితే ఎందుకివ్వరు?" అంటూ ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు.

"నాకు సుత గసొంటిదే కావాలె," అంది కమలాబాయి.

"అదొక్కటే ఉండే అమ్మా," అన్నాడు యుగంధర్. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

రావుగారు బానెట్టు ఫోటో తీసి, "తొక్క లేని కారు ఇలా ఉంటుంది" అని రాసి గ్రూపులో పెట్టారు. వర్జ్యానికి నాలుగు నిమిషాల ముందు గేటు దాటి, పూజ కోసం స్టేషన్ దగ్గరి గణపతి గుడికి వెళ్లారు.

గుడి ముందు ఒక ముసలాయన తన అల్లుడి కొత్త స్కూటీకి దండ వేయించి వెనక్కి తిరిగాడు. ఈ కారు చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి వేలి వెనక భాగంతో బానెట్టును మెల్లగా నిమిరాడు.

"ఏం పెద్దాయనా, నచ్చిందా?" అన్నారు రావుగారు ఛాతీ పెంచి.

"నచ్చకెట్లుంటది సారూ? ఈ రంగు నేనే ఏసిన."

రావుగారు నవ్వారు. ముసలాయన నవ్వలేదు. ఆయన పేరు జంగయ్య. లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు రైలుపెట్టెలకి రంగులు వేసి రిటైరై, ఇప్పుడు ఆ షోరూం వెనక షెడ్డులో పనిచేస్తున్నాడు.

"లారీల కెళ్లి దించేటప్పుడు బానెట్టు, రెండు డోర్లు గీక్కపోయినయ్ సారూ. నాలుగు దినాలు రుద్దిన. కంపెనీ రంగు మిషను కొడ్తది, జెర తొక్క తొక్కనే ఉంటది. అద్దం లెక్క ఉన్నదంటే చేత్తోని మళ్ల ఏసినట్టే. ఎరుకైనోళ్లు గా మెరుపు చూసే వద్దంటరు."

రావుగారు బానెట్టులో తన ముఖం చూసుకున్నారు. చాలా స్పష్టంగా కనబడింది.

"ఇంకేం చూస్తారు, బండి తిప్పండి," అంది కల్పలత. "రంగేసిన కారును కొత్తదని అంటగడతారా? వాళ్ల సంగతి తేలుద్దాం. మూడిట్లో ఒకటి తెచ్చుకుందాం."

"నేను సుత వచ్చి చెప్త," అన్నాడు జంగయ్య. "అబద్ధం ఆడుడు నాతోని కాదు. పని పోతే పోయె."

వెళితే కారు మారుతుంది, అనుమానం లేదు. కానీ కమలాబాయి ఎదుట నిలబడి, వద్దన్న మూడూ మంచివనీ, మురిసిపోయి తెచ్చుకున్నదొక్కటే గీక్కుపోయిందనీ చెప్పాలి. ఫోన్ తీసి చూశారు. ఫోటో కింద అప్పటికే ఇరవై చప్పట్లు. "ఒప్పుకున్నాం గురువుగారూ, మాది తొక్కే," అని రఘునాథ్ రాశాడు. ఇరవై ఆరేళ్లలో రావుగారికి ఇంత పెద్ద ఒప్పుకోలు పత్రం ఏ ఆఫీసులోనూ దొరకలేదు.

చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. కల్పలత స్పీకరు నొక్కింది.

"సార్, సృజనను సార్. ఫీడ్‌బ్యాక్ కాల్. పెయింట్ ఫినిష్‌కి పదికి ఎన్నిస్తరు సార్? పదికి తక్కువిస్తే రీజన్ చెప్పాలె. పెద్దాఫీసు నుంచి మనుషులొచ్చి బండి చూస్తరు, మీ అపార్ట్‌మెంట్‌కే వస్తరు."

జంగయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కల్పలత కళ్లు పెద్దవి చేసి, చెప్పమన్నట్టు చూసింది.

"పది," అన్నారు రావుగారు.

ఆడిట్‌లో చేరినప్పటి నుంచి ఆయన ఎవరికైనా పదికి పది వేయడం అదే మొదలు.