ఒకాడా గారి పద్దెనిమిదో కప్పు

ఆ గురువారం పొద్దున భూమేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి కాలేజీలో రెండు ఏసీల ఫిల్టర్లు కడగాలి. తొమ్మిదింటికి ముదీర్, అంటే పై అధికారి, అబూ నాయెఫ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి చుట్టీ పాస్ చేయించుకోవాలి. ఆ తర్వాత తను ఉండే సులై క్యాంపు నుంచి మోసుకొచ్చిన పెట్టెతో సహా రియాద్ ఎయిర్‌పోర్టుకి పరిగెత్తి నాలుగింటి విమానం ఎక్కాలి. ఇంత చిన్న ప్లానుకి దేవుడు అడ్డం రాడులే అనుకున్నాడు. దేవుడు రాలేదు నిజమే, జపాను వాళ్ళు వచ్చారు.

చుట్టీ అంటే మరేం లేదు, సెలవు. ముదీర్ తన ఫోన్లో, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా మీద ఒక్క నొక్కు నొక్కాలి. ఆ నొక్కు పడకపోతే టికెట్టున్నా, పెట్టె ఉన్నా, పెట్టెలో కూతురి కోసం కొన్న పన్నెండు ఫ్రాకులున్నా, అంగట్లో అన్నీ ఉండి అల్లుడి నోట్లో శని ఉన్నట్టే.

ఆ కూతురికి ఇప్పుడు మూడు నెలలు. భూమేష్ ఇంకా చూడలేదు. ఆ పిల్లకి ఇంకా పేరు లేదు. తండ్రి వచ్చి చెవిలో పేరు చెబితేగానీ తొట్టెల ఫంక్షన్ చేసేది లేదని భార్య సృజన పట్టుబట్టింది. ముదీర్ ఏమో "బుక్రా, బుక్రా" అంటూ, అంటే రేపు రేపు అంటూ, ఆ ఫంక్షన్ని ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించాడు. మూడోసారి ముహూర్తం ఈ శుక్రవారం. అత్త గౌరవ్వ నిన్ననే ఫోన్లో తేల్చి చెప్పేసింది.

"ఇగో అల్లుడా, గీసారి నువ్వు రాకుంటె నేనే మా అవ్వ పేరు వెడ్త. లచ్చవ్వ! మూడు నెల్లాయె, బిడ్డకు పేరు లేకుంటె ఊరోళ్ళు నవ్వుతుండ్రు."

లచ్చవ్వ మీద భూమేష్‌కి కోపమేమీ లేదు, పాపం ఆవిడ ఏనాడో స్వర్గస్థురాలయింది. కానీ శ్రీనిక అన్న పేరుని మూడు నెలలుగా ఎవరికీ చెప్పకుండా మనసులో దాచుకుని తిరుగుతున్న మనిషి అతను. ఏసీ విప్పుతున్నా అదే, ఏసీ బిగిస్తున్నా అదే.

ఫిల్టర్లు కడిగి దిగేసరికి కోఆర్డినేటర్ ఉదయకిరణ్ ఎదురొచ్చాడు. ఒంగోలు కుర్రాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు, నోట్లో ఇంగ్లీషు ఎప్పుడూ ఉంటాయి.

"భూమేషన్నా, ఇవాళ మనది డూ ఆర్ డై సిట్యుయేషన్! జపనీస్ ఫ్యామిలీస్ వస్తున్నాయి, పదకొండు. గహ్వా పోసే ముజాహిద్ మక్కా నుంచి వస్తుంటే బస్సు బ్రేక్‌డౌన్ అయిందంట. నువ్వే పొయ్యాలి."

"నేనా? నేను ఏసీలల్ల గ్యాసు నింపేటోణ్ణి సార్. కాఫీ నింపుడు నాకేమెరుక?"

"ఏదైనా నింపడమే కదా అన్నా!"

ఆ కాలేజీకి టోక్యోలోని ఒక సంస్థ గ్రాంటు ఇచ్చింది. జపాను తల్లిదండ్రులు పిల్లల్ని బయటి దేశాల్లో చదివించడానికి జంకుతున్నారట. ఆ జంకు పోగొట్టడానికే ఆ నిధి. కుటుంబాల్ని తాతలూ అమ్మమ్మలతో సహా రప్పించి, మర్యాదలు చేసి, మధ్యాహ్నం పన్నెండింటికి టోక్యో వాళ్ళకి వీడియోలో చూపించాలి. ఆపైన ఆ కుటుంబాలు 'మా పిల్లల్ని విదేశంలో చదివిస్తాం' అని ఫారంలో టిక్కు పెడితేనే గ్రాంటు నిలుస్తుంది.

ఈలోగా అబూ నాయెఫ్ తన భారీ కాయంతో, నొప్పిపెట్టే మోకాలితో నెమ్మదిగా వచ్చి సంగతి రెండు ముక్కల్లో తేల్చేశాడు. "భూమేష్! ప్రోగ్రాం జైన్, చుట్టీ జైన్. ప్రోగ్రాం ఖలాస్, చుట్టీ ఖలాస్."

అంటే ప్రోగ్రాం బాగుంటే చుట్టీ ఉన్నట్టు, చెడితే పోయినట్టు. జపాను పిల్లల చదువుకీ జగిత్యాల పిల్ల పేరుకీ ముడి పడిపోయింది.

భూమేష్ ముజాహిద్‌కి ఫోన్ చేశాడు. ఆ పాకిస్తానీ పెద్దమనిషి ఆగిపోయిన బస్సు పక్కన నిలబడి కూడా వృత్తిధర్మం మరవలేదు. "భాయ్, ప్యాలీ ఖాలీ హుయీ తో భర్నా. మెహమాన్ ప్యాలీ హిలాయే, తభీ రుక్నా. బినా హిలాయే రుకా తో మెహమాన్ కీ బేఇజ్జతీ!"

విషయం తేలికే. అరబ్బు గహ్వా చిన్న కప్పులో రెండు గుక్కలే పోస్తారు. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోయాలి. చాలనుకున్న అతిథి ఖాళీ కప్పుని ఇటూ అటూ ఊపుతాడు. ఊపేదాకా పోస్తూనే ఉండాలి, మధ్యలో ఆపితే అవమానం. ఈ సంగతి సౌదీలో చంటిపిల్లలకి కూడా తెలుసు. జపాను వాళ్ళకి తెలియదు. వాళ్ళకి తెలియజేయవలసిన ఉదయకిరణ్ 'అరబ్బు మర్యాదలు' అని ఒక కాగితం తయారుచేసి అందరికీ ముందే పంపాడు. అందులో మొదటి సూత్రం, ఇచ్చినదేదీ కాదనకండి, కాదంటే అవమానం. ఆఖరి సూత్రం కప్పు ఊపడం. అది రెండో పేజీలోకి పోతుంటే ఒక్క లైను కోసం రెండో కాగితం దేనికని కొట్టేశాడు.

పదింటికి బస్సు దిగారు. ముందు ఒకాడా గారు, డెబ్భై దాటిన సన్నటి తాతగారు. ఆయన పక్కన పదిహేనేళ్ళ మనవరాలు యూయి, వెనక మిగిలిన కుటుంబాలు. అందరూ వరసగా కూర్చున్నారు. ఎడమ చేత కూజా, కుడి చేత కప్పులు పట్టుకుని, తనకంటే రెండింతలున్న ముజాహిద్ కోటులో భూమేష్ ప్రవేశించాడు.

మొదటి కప్పుకి అందరూ వంగి దండం పెట్టి తాగారు. రెండో కప్పుకి చిరునవ్వు నవ్వారు. ఐదో కప్పుకి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కప్పులో చుక్క మిగల్చడం జపానులో మర్యాద కాదు, వద్దనడం ఇక్కడ మర్యాద కాదని ఉదయకిరణ్ రాసిపెట్టాడు. అందుకని పోసింది పోసినట్టు తాగేస్తున్నారు. కప్పు ఖాళీగా ఉంచితే మర్యాద కాదని ముజాహిద్ చెప్పాడు కాబట్టి భూమేష్ తాగింది తాగినట్టు నింపేస్తున్నాడు. కప్పుకో ఖర్జూరం కూడా ఇస్తున్నాడు. తన కూతురి పేరు ఆ కూజా కొసన వేలాడుతున్నప్పుడు ఎవరు మాత్రం చెయ్యి వెనక్కి తీస్తారు?

ఎనిమిదో కప్పు దగ్గర ఒకాడా గారు ఉదయకిరణ్‌ని పిలిచి ఇంగ్లీషులో మెల్లగా అడిగారు, ఈ ఆచారంలో మొత్తం ఎన్ని కప్పులుంటాయని.

ఆ ప్రశ్నలోని ఆర్తి ఉదయకిరణ్‌కి ఆసక్తిలా వినిపించింది. "నో లిమిట్ సర్!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

ఒకాడా గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి ఏదో చెప్పగానే పదకొండు కుటుంబాలూ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాయి. ఇది విదేశంలో బతకగలరో లేదో చూసే పరీక్షేనని వాళ్ళకి అర్థమైపోయింది. పరీక్షల్లో వెనకపడే జాతి కాదది.

కూజా ఖాళీ అయింది. భూమేష్ వంటగదిలోకి పరిగెత్తాడు. అక్కడ ప్లంబర్ ఎల్లన్న బిర్యానీ బగోనలో కాఫీ మరిగిస్తూ చెమటలు కక్కుతున్నాడు.

"ఏందిర భూమేషు, మనుషులా చెరువులా వాళ్ళు? ఇది నాలుగో బగోన!"

"ఒక్కలు గూడ కప్పు ఊపుత లేరన్నా! నేను ఆపితె బేఇజ్జతి, ఆపకపోతె వాళ్ళు సచ్చేటట్టున్నరు."

"యాలకులు అయిపోయినయ్. రూముల నా డబ్బా తెచ్చి ఏసిన. అండ్ల రెండు లవంగాలు గూడ ఉండె, పడ్డయ్."

లవంగాలు పడ్డ గహ్వాని కూడా జపాను తాగేసింది. పదిహేనో కప్పుకి హాల్లో ఒక విచిత్రమైన హుషారు పుట్టుకొచ్చింది. మాట్లాడని వాళ్ళు మాట్లాడసాగారు. ఒకావిడ కాలేజీ పటం చూస్తూ వలవలా ఏడ్చి, వెంటనే పకపకా నవ్వింది. ఒక తండ్రి లేచి గోడ పొడవునా నాలుగుసార్లు నడిచి వచ్చి కూర్చున్నాడు. ఉదయకిరణ్ మురిసిపోతూ, "చూశావా అన్నా, ఎంగేజ్‌మెంట్ లెవెల్స్!" అన్నాడు.

భూమేష్‌కి మాత్రం అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. ఒకాడా గారికి పద్దెనిమిదో కప్పు పోశాడు. ఆయన తాగారు. కప్పు ముందుకి చాపారు. అప్పుడు, అంత కాఫీ పడ్డాక ఏ మనిషికైనా జరిగేదే ఆయనకీ జరిగింది, చెయ్యి గజగజా వణికింది. చేతిలో కప్పు ఇటూ అటూ ఊగింది.

భూమేష్ మొహం వెలిగిపోయింది. "ఊపిండు! ఊపిండు!" అని గట్టిగా అరిచి, కప్పు లాక్కుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, పక్కకి జరిగిపోయాడు.

అందరూ అటు చూశారు. ఒకాడా గారి చేతిలో కప్పు లేదు. ఎవరూ పోయడం లేదు. యూయి ఒక్క క్షణం తాతని, ఒక్క క్షణం కూజాని చూసి, తన కప్పు ఎత్తి చిన్నగా ఊపింది. భూమేష్ ఆ కప్పు కూడా తీసేసుకున్నాడు. యూయి లేచి నిలబడి జపానులో ఒకే ఒక్క కేక వేసింది. పదకొండు కుటుంబాలు కప్పులు పైకెత్తి ఊపిన ఊపుకి హాలు హాలంతా గలగలలాడింది. తర్వాత అందరూ ఒక్కసారిగా లేచారు. అంత కాఫీ తాగినవాళ్ళు ఎక్కడికి వెళతారో అక్కడికే వెళ్ళారు.

సరిగ్గా పన్నెండింటికి అబూ నాయెఫ్ హాల్లో అడుగుపెట్టేసరికి గోడమీద తెరలో టోక్యో వాళ్ళు ముగ్గురు నల్లకోట్లలో కూర్చుని ఉన్నారు. ఇటు చూస్తే అన్నీ ఖాళీ కుర్చీలు, ఖర్జూరం గింజలు.

"జపానీ ఎక్కడ?" అన్నాడాయన. "పారిపోయారా? ఖలాస్?"

ఆ ఖలాస్ వినగానే భూమేష్ చెవుల్లో లచ్చవ్వ, లచ్చవ్వ అని మోగింది. ఇంకేమీ ఆలోచించకుండా కెమెరాని స్టాండుతో సహా భుజానికెత్తుకుని, మనుషులున్నారని చూపిస్తే చాలుననుకుని, నడవాలోకి తిప్పాడు.

నడవాలో బాత్రూములు అడ్మిషన్ కౌంటరు పక్కనే ఉన్నాయి. కెమెరాకి కౌంటరే కనబడింది, బాత్రూము తలుపు కనబడలేదు. కౌంటరు ముందు నుంచి మెట్లదాకా పదకొండు కుటుంబాలు, తోసుకోకుండా, గీత గీసినట్టు వరసలో నిలబడి ఉన్నాయి. ప్రతి మొహంలోనూ గట్టి పట్టుదల. కొందరైతే ఆత్రం ఆపుకోలేక కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నారు.

టోక్యో నల్లకోట్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. అన్నేళ్ళ గ్రాంటు చరిత్రలో కుటుంబాలు చదువు కోసం ఇంత తహతహలాడటం వాళ్ళు చూడలేదట. వచ్చే గురువారమే ఇంకో ఇరవై కుటుంబాల్ని పంపుతామన్నారు. అబూ నాయెఫ్ భూమేష్‌ని కౌగిలించుకున్నాడు. ముజాహిద్ కోటులో ఉన్న భూమేష్ ఆ కౌగిట్లో దాదాపు కనబడకుండా పోయాడు.

"ముదీర్, చుట్టీ?" అన్నాడు లోపలి నుంచి.

"చుట్టీ? ఇప్పుడా? నువ్వు నంబర్ వన్! ఇరవై కుటుంబాలకి ఎవరు పోస్తారు? చుట్టీ బుక్రా!" అని ఆయన వెళ్ళి సోఫాలో హాయిగా కూలబడ్డాడు.

ప్రోగ్రాం చెడితే చుట్టీ పోతుందని భయపడ్డాడేగానీ, బాగుపడినా పోతుందని భూమేష్ కలలో కూడా అనుకోలేదు. కూజా కింద పెట్టి, ఆ వదులు కోటు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. సిగ్గుపడకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు.

అప్పుడే తేలికపడి హాల్లోకి వచ్చిన యూయి అది చూసింది. ఉదయకిరణ్‌ని అడిగింది. ఉదయకిరణ్‌కి మొదటిసారి ఇంగ్లీషు తడబడింది. మూడు నెలల పాప, పేరు, శుక్రవారం, ముదీర్ ఫోన్లో ఒక్క నొక్కు అంటూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. యూయి తాతకి చెప్పింది. ఒకాడా గారు కోటు గుండీ పెట్టుకున్నారు.

ఆయన అబూ నాయెఫ్ ముందుకి వెళ్ళి నడుము దాకా వంగి దండం పెట్టారు. నిలబడ్డ అతిథి ముందు ఇంటాయన కూర్చుని ఉండటం అరబ్బు మర్యాద కాదు. అబూ నాయెఫ్ మోకాలు పట్టుకుని లేచి, గుండె మీద చెయ్యి పెట్టి, "అహ్లన్, అహ్లన్" అని స్వాగతం పలికాడు. ఒకాడా గారు తప్పుకున్నారు. ఆయన కూర్చున్నాడు. రెండో కుటుంబం వచ్చి వంగింది. లేచాడు. కూర్చున్నాడు. మూడోది వచ్చింది. వరసలో నిలబడటం వాళ్ళకి కొత్తగా నేర్పాలా? పదకొండో కుటుంబం అయ్యేసరికి అబూ నాయెఫ్ తల ప్రాణం తోకకొచ్చింది. హమ్మయ్య అని కూర్చుంటూ చూస్తే, వరస చివర మళ్ళీ ఒకాడా గారు నిలబడి ఉన్నారు. అందరి ఒంట్లోనూ పద్దెనిమిది కప్పుల గహ్వా ఉంది. సాయంత్రం దాకా వంగమన్నా వంగగలరు.

"యా కిరణ్!" అన్నాడాయన రొప్పుతూ. "ఇది ఎప్పుడు ఆగుతుంది? వీళ్ళకేం కావాలి?"

ఉదయకిరణ్ ఈసారి ఒక్క సూత్రం కూడా కొట్టేయలేదు. "భూమేష్ చుట్టీ సర్. అది ఇచ్చేదాకా ఆపితే వాళ్ళకి అవమానం."

అబూ నాయెఫ్ సగం లేచిన మనిషి సగంలోనే ఆగి, జేబులోంచి ఫోన్ తీసి, నొక్కాడు. ఎందుకైనా మంచిదని రెండోసారి కూడా నొక్కబోతే ఉదయకిరణ్ ఆపాడు. భూమేష్ కోటు విప్పి సోఫా మీద పారేసి, పెట్టె ఎత్తుకుని, ఎవరికి దండం పెట్టాలో తెలియక ఏసీకి కూడా దండం పెట్టి పరిగెత్తాడు.

శుక్రవారం పొద్దున జగిత్యాల పక్క ఊళ్ళో, పన్నెండు ఫ్రాకుల్లో అన్నిటికంటే పెద్ద గౌను వేసుకున్న కూతుర్ని చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి పేరు చెప్పాడు. మూడు నెలలు నోరు కట్టుకున్న మనిషి కావడంతో అది ఊరంతటికీ వినబడింది. గౌరవ్వ, "శ్రీనిక గూడ మంచిగనే ఉన్నది తియ్యి" అని కళ్ళు తుడుచుకుంది. భూమేష్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో సృజనకి తెలియలేదు, ఆమెకీ రెండూ ఒక్కసారే వచ్చాయి.

రియాద్‌లో ఫారాలు విప్పితే విదేశంలో చదివిస్తామని పదకొండు కుటుంబాలూ టిక్కు పెట్టి ఉన్నాయి. సౌదీలోనా, వేరే దేశంలోనా అని అడిగే గడి కూడా రెండో పేజీలోకి పోతోందని ఉదయకిరణ్ ముందే కొట్టేశాడు కాబట్టి, గ్రాంటు నిలబడింది.