పంటి నొప్పి ప్రత్యక్ష ప్రసారం

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కింది అంతస్తులో ఉన్న తన పళ్ళ క్లినిక్‌కి దిగుతుంది. అత్తగారు రోజూలాగే ఊలు బుట్ట పట్టుకుని కూతురి వెనకే వెళ్ళి, వెయిటింగ్ రూంలో మంచి కుర్చీ చూసుకుని కూర్చుంటుంది. ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని, హత్య సీరియల్ ఆఖరి భాగం ఒక్కడే చూసేస్తాడు. లైట్‌హౌస్ కాపలాదారుణ్ణి చంపిందెవరో తెలుసుకుని, సాయంత్రం భార్య పక్కన కూర్చుని అదే భాగాన్ని ఏమీ ఎరగనట్టు మళ్ళీ చూస్తాడు.

ఇందులో తప్పేముంది అని మీరు అడగొచ్చు. ఉంది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య ఒక ఒప్పందం ఉంది. ఏ సీరియల్ అయినా ఇద్దరూ కలిసే చూడాలి, ఒకరిని వదిలేసి ఇంకొకరు ఒక్క నిమిషం కూడా ముందుకెళ్ళకూడదు. గోడలకి ఏ రంగు వేయాలన్న విషయంలో ఇప్పటికీ రాజీ కుదరని ఆ దంపతులు ఈ ఒక్క మాట మీద మాత్రం గట్టిగా నిలబడ్డారు. రోజంతా ఆవిడ జనం నోళ్ళు చూస్తుంది, ఆయన జనం చెప్పే అబద్ధాలు చూస్తాడు. భోజనాలయ్యాక ఆ కాసేపే ఇద్దరూ కలిసి ఒకే వైపు చూస్తారు. ఆ కాసేపు పోతే తమకి మిగిలేది కరెంటు బిల్లు గురించిన కబుర్లేనని ఆయనకి తెలుసు. ఆ ఒప్పందమంటే ఆయనకి నిజంగానే ప్రాణం.

అంత ప్రాణమైనదాన్ని తెంచడానికి సిద్ధపడ్డాడంటే కారణం ఆఫీసు. అక్కడ తోటి ఉద్యోగులందరూ ఆఖరి భాగం చూసేశారు. ఈయన మాత్రం ఇంట్లో అడిగినప్పుడల్లా "ఇవాళ బాగా అలసిపోయానండీ, రేపు చూద్దాం" అనే మాట విని పడుకుంటున్నాడు. నిన్న భోజనాల వేళ పక్క సీటాయన "ఆ పడవవాడు చివర్లో ఏం చేస్తాడంటే..." అని మొదలుపెట్టగానే, క్యారియర్ చంకన పెట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తి, అక్కడే నిలబడి తిన్నాడు. ఇక ఆగడం తన వల్ల కాదని ఆ మెట్ల మీదే తేల్చుకున్నాడు.

ఆయన బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే అధికారి. కాగితం వాసన చూసి అబద్ధం పట్టేస్తాడని పేరు. అంతటివాడు సెలవు కోసం తను చెప్పబోయే అబద్ధాన్ని ఆషామాషీగా ఎంచుకుంటాడా? జ్వరమంటే కొలుస్తారు, నడుమంటే నవ్వుతారు. పంటి నొప్పి అయితే డాక్టరు ఇంట్లోనే ఉంది, ఎవరికీ అనుమానం రాదు. మేనేజరుకి "సార్, పంటి నొప్పి, రాలేను" అని మెసేజ్ పెట్టి తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ మేనేజరుకి అదే రోజు ఉదయం ఈయన భార్య దగ్గరే అపాయింట్‌మెంట్ ఉందని, అది ఇప్పించింది కూడా తనేనని ఆయనకి గుర్తే లేదు. ఇలాంటి మతిమరుపు వేరేవాళ్ళ ఫైల్లో కనబడితే ఎర్ర సిరాతో రెండు గీతలు గీసేవాడు.

ఇల్లు ఖాళీ అయింది. ఆయన కిటికీ తెరలు మూసి, ఫోన్లో ఆఖరి భాగం తీసి, టీవీలో చూపించమని నొక్కాడు. "టీవీలో ప్లే అవుతోంది" అంది ఫోన్. టీవీలో మాత్రం మంచుకొండల బొమ్మ కదలకుండా నిలబడింది.

ఫోన్ అబద్ధం చెప్పలేదు. పోయిన ఆదివారం ఆయనే కింద వెయిటింగ్ రూంలో కొత్త టీవీ బిగించి, పళ్ళు ఎలా తోముకోవాలో చూపించే వీడియో తన ఫోన్ నుంచే పంపి, "చూశావా, టెక్నీషియన్‌ని పిలవాల్సిన పనేముంది?" అని భార్య ముందు కాలర్ ఎగరేశాడు. రెండు అంతస్తులకీ ఒకటే వైఫై. టీవీ అంటే కింది టీవీయే అని ఫోన్ ఆదివారమే స్థిరపడిపోయింది.

"సౌండ్ తగ్గినట్టుంది" అనుకుని ఫోన్లో సౌండ్ పెంచాడు. ఏమీ వినబడలేదు. ఇంకా పెంచాడు. టీవీ ప్లగ్గు పీకి పెట్టాడు. భాగాన్ని రెండుసార్లు మొదటికి తిప్పాడు. ఈసారి సౌండ్ చివరిదాకా పెంచేసరికి, ఎక్కడి నుంచో అదే సీరియల్ సంగీతం లీలగా వినబడింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. పక్కింటి వాళ్ళెవరో ఆఖరి భాగం పెట్టుకున్నారు! తను చూసేలోపు హంతకుడి పేరు కిటికీలోంచి లోపలికి వచ్చేస్తుంది! సోఫా దిండ్లు రెండూ చెరో చెవికి అదుముకుని, కిటికీ దగ్గరికెళ్ళి అరిచాడు.

"ఎవరండీ అది? కొంచెం సౌండ్ తగ్గించండి! ఇళ్ళల్లో మనుషులున్నారు!"

"మేమూ అదే చూస్తున్నాం సార్, రిమోట్‌తో తగ్గిస్తుంటే మళ్ళీ పెరిగిపోతోంది!" అని కింది నుంచి ఆడగొంతు వినబడింది. అది భార్య క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి గొంతు. కానీ చెవులకి దిండ్లున్న మనిషికి గొంతుల ఆనవాలు ఎలా దొరుకుతుంది?

ఇప్పుడు మనం కిందికి దిగాలి. అక్కడ లోపలి గదిలో డాక్టరమ్మ మిషన్ రొదలో ఎవరిదో దంతం తొలుస్తోంది. బయట గదిలో జనం బుగ్గలు పట్టుకుని కూర్చుని, గోడ మీద టీవీలో చిగుళ్ళ సంరక్షణ చూస్తున్నారు. ఉన్నట్టుండి చిగుళ్ళు మాయమై సముద్రం వచ్చింది, సముద్రంలో శవం వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి కంగారుగా రిమోట్ ఎత్తేసరికి అత్తగారు ఊలు సూదితో వారించింది. "ఉండనీవే అమ్మాయ్. అది బాగుంటుంది." మూలనున్న కుర్చీలో పంటి కింద లవంగం పెట్టుకున్న మేనేజరు కూడా మెల్లగా కుర్చీ ముందుకి జరిపాడు. కథ రసకందాయంలో పడగానే మళ్ళీ మొదటికి తిరిగిపోవడంతో గది మొత్తం ఉసూరుమంది. రెండోసారీ అలాగే అయ్యాక "ఎవడండీ ఈ దరిద్రుడు?" అన్నాడు మేనేజరు, లవంగం సంగతి మరిచిపోయి.

పైన ఆ దరిద్రుడికి ఓపిక నశించింది. చిన్న ఫోన్లో హంతకుణ్ణి చూడటం ఆయనకి అవమానం. ఫోన్ తెర మొత్తం ఉన్నదున్నట్టుగా టీవీకి పంపే మీట ఒకటి ఉందని గుర్తొచ్చింది. అది నొక్కాడు. కింద వెయిటింగ్ రూంలో, గోడంత తెర మీద, ఆయన ఫోన్ విచ్చుకుంది. వెనకాల ఆయనా భార్యా కలిసి దిగిన ఫొటో.

"అరె, మా అల్లుడుగారు!" అంది అత్తగారు సంబరంగా.

మేనేజరు కాసేపు ఆ ఫొటో వంక, కాసేపు పైకప్పు వంక చూశాడు. జేబులోంచి తన ఫోన్ తీసి, ఎంతో దయగా టైపు చేశాడు. "నొప్పి ఎలా ఉంది?"

ఆ ప్రశ్న టీవీ మీదా వచ్చింది. గదిలో అందరూ నిటారుగా కూర్చున్నారు.

తెర మీద జవాబు అక్షరం అక్షరంగా మొదలైంది. "కొంచెం తగ్గింది సార్." ఆగింది. అదంతా చెరిగిపోయింది. "భరించలేకపోతున్నాను సార్." ఆగింది. దాని చివర ఏడుస్తున్న బొమ్మ వచ్చింది. మరీ ఎక్కువనిపించిందేమో, బొమ్మ పోయి దాని చోట దణ్ణం వచ్చింది.

"ఏడుపే బాగుందండీ," అన్నాడు బుగ్గకి మఫ్లర్ కట్టుకున్నాయన. పక్కావిడ దణ్ణానికే ఓటు వేసింది.

"వాచిందా? ఏ వైపు?" అని మేనేజరు ఇంకొకటి వదిలాడు.

"ఎడమ" అని వచ్చింది. చెరిగింది. "కుడి" అని వచ్చింది. అదీ చెరిగింది. చివరికి "రెండు వైపులా సార్" అని వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. గదిలో వాళ్ళు నోళ్ళు నొప్పులుగా ఉన్నా నవ్వు ఆపుకోలేకపోయారు. రిసెప్షన్ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. నిజమనుకుని లోపలి గదిలోకి పరిగెత్తింది. "మేడం! సార్‌కి దవడలు రెండూ వాచిపోయాయట! మేనేజర్‌గారికి మెసేజ్ పెట్టారు!"

మేనేజరు చివరి బాణం వేశాడు. "నిన్న రాత్రి మొక్కజొన్న కండెలు మూడు కొరికి తిన్నారట. మీ అత్తగారు చెబుతున్నారు. నా పక్కనే కూర్చున్నారు."

పైన సోఫాలో ఆయన ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. అత్తగారు... మేనేజరు పక్కన... అపాయింట్‌మెంట్! కింది టీవీ! ఆదివారం తను బిగించిన టీవీ! కొంప మునిగిందని అర్థమయ్యాక మనిషి చేసే మొదటి పని ఎప్పుడూ పనికిమాలినదే. ఈయన ఫోన్ ఆపేసి జేబులో పడేసి, రెండు చేతులతో రెండు దవడలూ పట్టుకుని, ఇంట్లో వేసుకునే చారల నిక్కరుతోనే మెట్లు దిగి పరిగెత్తాడు.

"నాలాంటివాడు నా ముందుకి వస్తే నేనే వాడి క్లెయిం కొట్టేసేవాణ్ణి," అని మెట్ల మలుపులో తనను తాను తిట్టుకున్నాడు.

వెయిటింగ్ రూంలో అడుగుపెట్టగానే అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. "ఎందుకు ఆపేశారండీ?" "ఆ పడవ ఎవరిది?" "అల్లుడుగారూ, ముందు అది పెట్టండి, దవడ సంగతి తర్వాత!" ఆయన ఎవరికీ జవాబు చెప్పేలోపే లోపలి గది తలుపు తెరుచుకుంది. చేతులకి తొడుగులతో భార్య వచ్చింది. ఆవిడ మొహంలో కోపం లేదు. అదే ఉంటే బాగుండేది.

"ఎప్పటినుంచండీ నొప్పి?" అంటూ ఆయన గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పింది. "రెండు వైపులా వాచేదాకా నాకు చెప్పకుండా భరించారా? ఊరందరి పళ్ళూ చూస్తానే, ఇంట్లో మనిషికి నాతో చెప్పుకోవాలని అనిపించలేదా?" అనేసరికి ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆయన అంతవరకూ దొరికిపోతానేమోనని భయపడ్డాడు. ఇప్పుడు నిజంగా సిగ్గుపడ్డాడు. ఆ చేతుల్లో ఇంకొక్క అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నొప్పీ లేదు, ఏమీ లేదు," అన్నాడు. "ఆఖరి భాగం చూద్దామని సెలవు పెట్టాను."



"ఒక్కరేనా?" అంది ఆవిడ.

ఆయన తలవంచుకున్నాడు. "సాయంత్రం నీతో మళ్ళీ చూద్దామనే అనుకున్నాను. మన మాట నేనే తప్పాను. నీకు ఏ శిక్ష వేయాలనిపిస్తే అది వెయ్యి, కానీ కలిసి చూడటం మాత్రం మానేయొద్దు."

ఆవిడ గోడ వైపు తిరిగింది. పాపం మనిషి ఎంత నొచ్చుకుందో అని ఆయనతో పాటు మఫ్లరాయన కూడా కుమిలిపోయాడు. అది చూసి అత్తగారి మనసు కరిగింది. అల్లుణ్ణి కాపాడటానికి ఊలు పక్కన పెట్టింది.

"పోనిద్దూ! నువ్వు మాత్రం పోయిన సోమవారం పేషెంట్లు లేనప్పుడు ఈ టీవీలోనే మొత్తం చూడలేదటే? అతనికి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నావు. నేను నోరు మెదిపానా?"

డాక్టరమ్మ గోడ వైపే ఉండిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సోమవారమా?" అన్నాడు ఆయన. "అందుకా రోజూ అలసిపోయాను, రేపు చూద్దాం అన్నావు?"

"అది కాదండీ..." ఆవిడ నీళ్ళు నమిలింది. "చూసిన సంగతి నా మొహంలో కనబడిపోతుందని కొన్నాళ్ళు ఆగానంతే. ముందే చూసేస్తే, మీతో చూసేటప్పుడు టీవీ చూడక్కర్లేదు. మీ మొహం చూడొచ్చు. హంతకుడు బయటపడ్డప్పుడు మీరు నోరు ఎలా తెరుస్తారో మీకు తెలీదు. రోజంతా నేను చూసే నోళ్ళల్లో అదొక్కటే నాకిష్టం."

"అంటే, ప్రతి సీరియలూ ముందే చూస్తావా?"

"ప్రతీదీ కాదు. చాలావరకు."

ఆయన కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. అన్నేళ్ళుగా కలిసి ఒకే వైపు చూస్తున్నామనుకున్నాడు. ఆవిడ తన వైపు చూస్తోందని తెలిసేసరికి లోపల ఎక్కడో వెచ్చగా అనిపించింది. "మరి శిక్ష?" అన్నాడు.

ఆవిడ వెంటనే డాక్టరైపోయింది. "ఇంతదూరం వచ్చారుగా, పళ్ళు శుభ్రం చేయించుకోండి. మూడేళ్ళ నుంచి తప్పించుకు తిరుగుతున్నారు." లోపలున్న పేషెంటుని లేపి, ఆయన్ని కుర్చీలో కూలేసింది. ఫోన్‌ని అత్తగారు స్వాధీనం చేసుకుని రిసెప్షన్ అమ్మాయికి ఇచ్చింది. బయట ఆఖరి భాగం మళ్ళీ మొదలైంది. తలుపుకి అవతల అందరూ ఆహా ఓహో అంటుండగా, ఇవతల ఆయన నోరు తెరుచుకుని, మిషన్ రొదలో ఒక్క ముక్క వినబడక, పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

పని పూర్తయి బయటికొచ్చేసరికి మేనేజరు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. సెలవు గురించి ఆయన నీళ్ళు నములుతుంటే చెయ్యి ఊపేశాడు.

"సెలవుదేముందయ్యా, ఇచ్చేశాను. రేపు భోజనాల దగ్గర మొదటి నుంచీ కథ నాకు చెప్పాలి, అంతే. కానీ, అసలు ఆ పడవవాడే చంపుతాడని ఎవరనుకున్నారు చెప్పు!"

వారం రోజులుగా, మెట్ల మీద నిలబడి తిని మరీ కాపాడుకున్న చెవులు అలా గంగలో కలిశాయి.

సాయంత్రం భోజనాలయ్యాక ముగ్గురూ పైన సోఫాలో కూర్చున్నారు. ఒప్పందాన్ని కొత్తగా రాసుకుందామా అని ఆయన అడిగితే, పాతదే బాగుందని భార్య అంది. ఆఖరి భాగం, ఈసారి సరైన టీవీలో, సరైన సౌండ్‌తో మొదలైంది. హంతకుడు బయటపడగానే ముగ్గురూ ఆశ్చర్యంతో నోళ్ళు తెరిచారు. అత్తగారు మాత్రం కొంచెం ముందే తెరిచింది.