జెనీవా బకెట్లు

అంతర్జాతీయ జలమైత్రీ మండలిలో మన దేశ రాయబారి శ్రీ చిద్విలాసరావు గారు గోదావరిఖని కార్మికుల కష్టాలను స్వయంగా ఆలకించనున్నారని పేపర్లో పడింది. ఆయన పదకొండు భాషల్లో ఆలకించగలరు. ఆలకించాక ఏ భాషలోనూ తొణకరు.

కాలనీ నల్లాలు ఎండిపోయి చాలా రోజులైంది. అందరి తరఫున మాట్లాడమని బొగ్గు కోసే కొమురెల్లిని ముందుకు తోశారు. నీళ్లు రాకపోతే పొయ్యి వెలగదని భార్య ఐలవ్వ ముందే చెప్పి పంపింది.

"బాయిల నీళ్లు మోకాళ్ల దాకున్నయ్ సార్. ఇంట్ల తాగుదామంటే చుక్క లేదు" అన్నాడు కొమురెల్లి.

గనిని ఇక్కడ బాయి అంటారు. ఆ సంగతి పదకొండు భాషల్లో లేదు. రావుగారి కళ్లు చెమర్చాయి. బావిలో నీళ్లుండీ తోడుకోలేని అమాయక ప్రజ! జెనీవాలో ఆయన ఉపన్యాసానికి చప్పట్లు ఒక పట్టాన ఆగలేదట. కొన్నాళ్లకే ఓడలో బకెట్లు, చాంతాళ్లు వచ్చాయి. వాటి వాడకం చూడ్డానికి వెనకే రావుగారూ వచ్చారు.

అంతటి పెద్దమనిషికి బాయి అంటే బావి కాదని చెప్పడం మర్యాదా? గని ఆఫీసర్లు హడావిడిగా కాలనీలో ఒక బావి తవ్వించి, సిమెంటు చేయించి, ట్యాంకర్లతో నింపించారు. ఆ నీళ్లు గెస్ట్‌హౌసు గులాబీలకు పోసేవి. సారు కారెక్కగానే తిరిగి ట్యాంకర్లలోకి ఎక్కించాలని హుకుం.

రావుగారు ఒక బకెట్టు తోడి, ఫోటో దిగి, బావికి వీపు పెట్టి వేదిక మీద కూర్చున్నారు. వందన సమర్పణ కొమురెల్లిది. రెండు ముక్కలు చాలన్నారు ఆఫీసర్లు. అతను మైకు దగ్గరికి పోతుంటే ఐలవ్వ చెవిలో చెప్పింది.

"నువ్వు పొగుడుకుంటనే ఉండు. నేను చెయ్యి ఊపేదాంక ఆపకు."

కొమురెల్లి పొగిడాడు. రావుగారి ఓపికను పొగిడాడు, ఆయన్ను కన్న తల్లిని పొగిడాడు, బకెట్టును, బకెట్టు చెవిని, చాంతాడు పేటలను కూడా వదల్లేదు. ప్రతి పొగడ్తకూ రావుగారు లేచి దండం పెట్టి కూర్చున్నారు. పొగడ్తకు అడ్డం పడే ధైర్యం ఏ ఆఫీసరుకుంటుంది? రావుగారి వెనకాల ఆడవాళ్లంతా తోడుతూనే ఉన్నారు. బిందెలు నిండాయి, గాబులు నిండాయి, చివరికి అన్నం గిన్నెలు కూడా నిండాయి. జన్మలో ఇంత తియ్యగా మాట్లాడలేదు కొమురెల్లి. అతనికి మనసు నిండా సంతోషంగా ఉంది.

ఐలవ్వ చెయ్యి ఊపింది.

"గింతే సార్" అని అతను వేదిక దిగాడు.

రావుగారు వెళ్లి బావిలోకి తొంగిచూశారు. అడుగున బురద తప్ప ఏమీ లేదు. ఆఫీసర్లకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన కాసేపు గంభీరంగా చూసి, సెక్రటరీని పిలిచారు.

"బకెట్లు అద్భుతంగా పనిచేస్తున్నాయి. ఇంకో ఓడ పంపమని రాయండి."