ముప్ఫయ్యో నంబరు డబ్బా

ఆ ఉదయానికి అతను వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. ఐదున్నరకు ఇంట్లో ఉన్న చక్రాల డబ్బాను వీధి వారకు దొర్లించాలి. ఆరింటికి షెడ్డుకు చేరాలి. ఏడింటికి కొత్త చెత్త లారీ ఎక్కాలి. ఎనిమిదిన్నరకల్లా తన సొంత వీధిలో ముప్ఫై ఇళ్ల ముందున్న ముప్ఫై డబ్బాలనూ, కిందికి దిగకుండా, లారీకున్న ఇనుప చేత్తోనే ఎత్తి, కుమ్మరించి, దించాలి. పక్కన కూర్చుని మున్సిపల్ ఆఫీసు ఇంజనీరు గారు టిక్కులు పెడతారు. ముప్ఫై టిక్కులు పడితే లారీ ఊళ్లో ఉంటుంది, డ్రైవరు సీటు అతనికి వస్తుంది. ఒక్క టిక్కు తగ్గినా మళ్లీ పాత గంపే గతి.

గంప అంటే ఏమిటో అతని నడుముకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఇంటింటి చెత్తనూ భుజం మీంచి లారీలోకి పోసిన నడుము అది. ఇంకో ఏడాది ఇలాగే బరువులెత్తితే మంచం మీంచి కూడా ఎవరో ఒకరు దించాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ భార్య సాయంత్రాలు కుట్టుమిషను ఆపి వీపుకు మందు రాసేటప్పుడు కాస్త గట్టిగా రాసేది.

అందుకే నెల్లాళ్లుగా అతను వీధి మీద పడ్డాడు. డబ్బా చక్రాలు ఇంటి వైపు ఉండాలి. మూతకు ఆఫీసు వాళ్లిచ్చిన తాళం వేసే ఉండాలి. డబ్బాను ఇనుప చెయ్యి పట్టి తలకిందులు చేస్తేనే ఆ తాళం దానంతట అదే ఊడుతుంది, లేదంటే తాళంచెవి కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బాకు గజం దూరం లోపల గోడగానీ, సైకిలుగానీ, మనిషిగానీ ఉండకూడదు. ఉంటే ఇనుప చెయ్యి బిగుసుకుపోతుంది. నోటితో చెబితే జనానికి గజం అంటే అంచనా రాదని, భార్య బట్టలు కొలిచే గజంబద్ద పట్టుకుని ప్రతి గుమ్మం ముందూ కొలిచి చూపించాడు. దాంతో వీధివాళ్లు అతనికి గజంబద్ద అనే పేరు పెట్టారు. పదకొండో ఇంటి కాంపౌండరు కొత్త డబ్బాలో ఉల్లిపాయలు దాచుకుంటే నలుగురిలో నిలబెట్టి మరీ గుమ్మరింపించాడు. డబ్బా ఉన్నది చెత్తకే, ఇంకో గింజ కూడా పడకూడదని ఉపన్యాసం ఇచ్చాడు. రిటైరైన ఆ పెద్దమనిషి ఉల్లిపాయలు ఏరుకుంటూ అతని వైపు చూసిన చూపు మాత్రం మంచిది కాదు.

అనుకున్నట్టే ఐదున్నరకల్లా లేచి వసారాలోకి వచ్చాడు. భార్య మిషను పక్కనే చాప మీద సొమ్మసిల్లినట్టు నిద్రపోతోంది. వాళ్లది ముప్ఫయ్యో ఇల్లు, వీధికి చివరిది. వసారాలో ఉన్న డబ్బా దొర్లిస్తుంటే బరువుగా ఉంది. మొదటిరోజే ఇంత చెత్త పోగైనందుకు అతనికి ఆనందం కలిగింది. చివరి నిమిషంలో, తమతోనే ఉండే అత్తగారు ఇంకేదో తెచ్చి వేసి మూత తెరిచిపెడతారేమోనని అనుమానం వచ్చి, తాళం వేసి తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

మొదటి ఆరిళ్లూ వెన్నలా గడిచిపోయాయి. ఏడో ఇంటి దగ్గర జేబులో ఫోను మోగింది. భార్య. క్యాబిన్‌లో ఫోను ముట్టకూడదన్న నిబంధన పెట్టించింది అతనే. మోగనిచ్చాడు. ఎనిమిదో ఇంటి దగ్గర మళ్లీ మోగింది. తొమ్మిదో, పదో ఇళ్ల దగ్గర రెండేసి సార్లు మోగింది. అత్తగారికి ఆయాసం ఎక్కువైందేమో, ఇంటికి నిప్పంటుకుందేమో, ఏ రెండూ జరగకూడదని మొక్కుకుంటూ మీటలు నొక్కాడు. ఎవరని ఇంజనీరు అడిగితే రాంగు నంబరన్నాడు.

"ఆరోసారి కూడా రాంగు నంబరేనా?" అన్నాడు ఇంజనీరు. "ఓపిక గల మనిషే."

పదకొండో ఇంటి ముందు కాంపౌండరు స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. డబ్బాకు సరిగ్గా గజం దూరంలో నిలబడ్డాడు, నిబంధనలో వంక పెట్టడానికి లేకుండా. కిటికీ దగ్గరకు వచ్చి, ఇంజనీరుకు కూడా వినపడేలా నింపాదిగా చెప్పాడు.

"మీ ఆవిడ గేటు గేటుకూ కబురు పెడుతున్నారు బాబూ. మీ ఇంటి డబ్బా ఎత్తొద్దట. అందులో చెత్త కానిదేదో ఉందట. ఉల్లిపాయలు మాత్రం కాదట."

ఇంజనీరు కళ్లజోడు సర్దుకుని, ఎవరి డబ్బాలోనైనా చెత్త కానిది ఉంటే కాగితం మీద ఎక్కించాల్సి ఉంటుందన్నాడు. ఏమీ ఉండదని, పెద్దాయనకు తనంటే సరదా అని అతను సర్దిచెప్పి ముందుకు పోనిచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తన ఇంటి డబ్బాలో చెత్త కానిదేముంటుంది? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టలేదు.

కబురు మాత్రం అతని కంటే వేగంగా నడుస్తోంది. మొదటి కబురుకు లారీ ఆగలేదని భార్య చివరింటి దగ్గర బయల్దేరదీసిన రెండో కబురు నిజానికి పొడుగ్గా, వివరంగానే ఉండేది. ఒక్కో గేటు దాటేసరికి దాన్లోంచి ఒక్కో మాట రాలిపోయింది. అటువైపు నుంచి నడిచి, ఇరవై రెండో ఇంటి నర్సమ్మ దగ్గరకు చేరేసరికి రెండే ముక్కలు మిగిలాయి. ఆవిడ లారీకి అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"ఆపు బాబూ. మీ డబ్బాలో స్కూలు పిల్లలు ఉన్నారట."

ఇంజనీరు కలం ఆగిపోయింది. అతనికి మాత్రం పొద్దున్న డబ్బా దొర్లించినప్పటి బరువు మణికట్టుకు మళ్లీ తగిలింది. దాగుడుమూతలాడుతూ ఏ పిల్లో పిల్లాడో దూరి ఉంటే? తనే తాళం వేశాడు. తాళంచెవి తన జేబులోనే ఉంది. లారీకున్న మైకు అందుకుని, ఎవరింటి పిల్లలు ఇంట్లో లేరో వెంటనే చూసుకోమని కేక పెట్టాడు.

అతను ఆ రోజు చేసిన పనులన్నిటిలోకీ తెలివితక్కువది ఇదే. క్షణంలో వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. తల్లులు పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచారు, తండ్రులు సబ్బు నురగ ముఖాలతో బయటికొచ్చారు, పిల్లలు నిద్రకళ్లతో వచ్చి సొంత ఇల్లు గుర్తుపట్టడానికన్నట్టు సొంత డబ్బాలకే ఆనుకుని నిలబడ్డారు. ఇరవై రెండో డబ్బా దగ్గర ఇనుప చెయ్యి బిగుసుకుపోయింది. ఎర్ర దీపం వెలిగింది. గడియారం ఎనిమిదీ ఐదు చూపిస్తోంది.

పిల్లలంతా లెక్కకు వచ్చారు. ఒకరిద్దరు ఎక్కువే వచ్చారు, చుట్టపుచూపుగా ఉన్నవాళ్లు. అప్పుడు ట్యూషన్లు చెప్పే ఇరవై మూడో ఇంటావిడ ముందుకొచ్చి, ఊరికే గోల చేస్తారేమిటని అందరినీ కసిరి, అతని భార్య నోటే నేరుగా విన్న అసలు సంగతి చెప్పింది. డబ్బాలో ఉన్నది పిల్లలు కాదు, స్కూలు బ్యాండు పిల్లల చొక్కాలు. ఇరవై నాలుగు. పదింటికి పోటీలో వేసుకోవాల్సినవి. తొమ్మిదింటికి స్కూలు వాళ్లు వచ్చి తీసుకెళ్తారు.

ప్రాణం లేచొచ్చింది అతనికి. రెండో ఊపిరిలోనే మళ్లీ పోయింది. ఆ చొక్కాలంటే భార్య మూడు వారాల కష్టం. జరీ పట్టీలు, ఇత్తడి గుండీలు, భుజాలకు కుచ్చులు. ఇవి నచ్చితే స్కూలు యూనిఫారాలన్నీ ఇక నీవేనని హెడ్మిస్ట్రెస్ ఆవిడకు మాటిచ్చింది. నచ్చడం సంగతి తర్వాత, ముందు అవి కనపడాలి.

మైకులో ఒకే ఒక్క మాట అన్నాడు. "గజం."

వీధి వీధంతా ఒక్కసారిగా గజం వెనక్కి జరిగింది. చంకలో పిల్లలతో సహా జరిగింది. కాంపౌండరు కూడా అలవాటు కొద్దీ జరిగి, జరిగినందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఇంజనీరు తల తిప్పి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ రాతవైపు చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఇరవై తొమ్మిదో డబ్బా దిగేసరికి ఎనిమిదీ ఇరవై. ముప్ఫయ్యో డబ్బా పక్కన అతని భార్య నిలబడి ఉంది. ఒక చెయ్యి మూత మీద ఉంది. లారీని చూసినా కదల్లేదు. ఎర్ర దీపం వెలిగింది.

ఈవిడెవరని ఇంజనీరు అడిగాడు. ఇక దాచి లాభం లేదు కనుక, తన భార్యేనని ఒప్పుకున్నాడు. ఆరుసార్లు వచ్చిన రాంగు నంబరు ఈవిడదేనా అని ఇంజనీరు అడిగాడు. దానికీ తలూపాడు.

"నిన్న సాయంత్రం నేను బజారుకు వెళ్లినప్పుడు వాన పడి మిషను గది కారిందండీ," అంది ఆవిడ గొంతు తగ్గించి. "అమ్మ చొక్కాలన్నీ ఈ డబ్బాలో పెట్టిందట. కొత్తది, మూత ఉంది, ఒక్క చుక్క కూడా దిగదని. మీరు వచ్చేసరికి నేను గదిలో నీళ్లు ఎత్తిపోసే హడావుడిలో పడి చెప్పడం మరిచిపోయాను. పొద్దున్నే లేచి చూస్తే డబ్బా వీధిలో ఉంది, తాళంచెవి మీ దగ్గరుంది."

"లోపలికి దొర్లించెయ్యకపోయావా?"

"దొర్లిస్తే ఇరవై తొమ్మిదే కదండీ అవుతాయి."

తాళంచెవి తీసి కిటికీలోంచి విసిరాడు. ఇరవై రెండేళ్లు గంపలు విసిరిన చెయ్యి, గురి తప్పే చెయ్యి కాదు. కానీ మధ్యలో ఇనుప చెయ్యి చాచి ఉంది. తాళంచెవి దానికి తగిలి ఖంగున ఎగిరి, లారీ తొట్టిలో, ఇరవై తొమ్మిది ఇళ్ల చెత్తలో పడింది. వీధిలో ఎవరూ నవ్వలేదు. కాంపౌండరు కూడా నవ్వలేదు.

ఇక మిగిలింది ఇనుప చేత్తో డబ్బాను తలకిందులు చెయ్యడమే. చేస్తే చొక్కాలు నేరుగా తాళంచెవి దగ్గరికే వెళ్తాయి. ఇంకో ఏడు నిమిషాలు ఉందని ఇంజనీరు గుర్తు చేశాడు.

భార్య డబ్బాను ఓసారి చూసింది. అతన్ని చూసింది. కచ్చితంగా చెప్పాలంటే అతను సీట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చున్న తీరును చూసింది. ఒరిగాడంటే నడుము పట్టేసిందని ఆవిడకు తెలుసు. మూత మీంచి చెయ్యి తీసేసి, గజం దూరం జరిగి నిలబడింది.

"ఎత్తండి," అంది. "చొక్కాలు మళ్లీ కుట్టుకోవచ్చు."

ఎర్ర దీపం ఆరి పచ్చది వెలిగింది. మీట అతని బొటనవేలి కింద ఉంది. ఆవిడ కళ్ల కింద నల్లటి చారలు ఇంత దూరం నుంచీ కనిపిస్తున్నాయి. అతనికి ఏడుపొచ్చింది. ముందు కోపం అనుకున్నాడు గానీ అది ఏడుపే. ఇంజను ఆపేశాడు. తలుపు తెరిచాడు. దిగితే పరీక్ష పోయినట్టేనని ఇంజనీరు మెల్లగా హెచ్చరించాడు. తెలుసు సార్ అంటూనే దిగిపోయాడు. గోడ పక్కనున్న రాయి తీసుకుని, ఆఫీసు సొత్తు అయిన తాళాన్ని మూడు దెబ్బల్లో పగలగొట్టి మూత ఎత్తాడు.

లోపల సొరకాయ తొక్కలున్నాయి. టీ పొడి ఉంది. పైన వేపమండలు, ఎండుటాకులు కుక్కి ఉన్నాయి. అడుగు దాకా చేతులు పెట్టి వెతికినా ఒక్క ఇత్తడి గుండీ తగల్లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే అత్తగారు పొద్దుటి నడక ముగించుకుని, పాల ప్యాకెట్లతో వీధి మలుపు తిరిగారు. ఇంటి ముందు ఊరంతా ఉన్నా కంగారు పడే మనిషి కాదావిడ.

"చొక్కాలా? నాలుగింటికే లేచి తీసేశాను కదమ్మా," అన్నారు. "డబ్బాలో చెత్త తప్ప గింజ కూడా పడకూడదని అల్లుడు నెల్లాళ్ల నుంచీ పోరుతుంటే వదిలేస్తానా? నా పరుపు కింద పరిచాను. మళ్లీ ఓ గంట నడుం వాల్చాను కూడా. ఇస్త్రీ అయిపోయుంటుంది. అల్లుడి డబ్బా వెలితిగా ఉంటే నామోషీ అని ఎదురింటి గోడ పక్కనున్న ఆకూ అలమూ కూడా తెచ్చి కుక్కాను."

పరుపు ఎత్తి చూస్తే ఇరవై నాలుగు చొక్కాలూ మడత నలగకుండా ఉన్నాయి. తొమ్మిదింటికి స్కూలు వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఆ ఇస్త్రీ ఎక్కడ చేయించారని అడిగి మరీ వెళ్లారు.

ఇంజనీరు మాత్రం వసారాలో కూర్చుని కాగితం పూర్తి చేశాడు. లారీ బాగుంది, ఊళ్లో ఉంచొచ్చు. డ్రైవరు బాగాలేడు. దిగకూడని చోట దిగాడు, పగలగొట్టకూడనిది పగలగొట్టాడు, ఒక టిక్కు తగ్గింది. ఈ మనిషికి సీటు ఇవ్వడం కుదరదు. అతను తల వంచుకుని విన్నాడు. భార్య గుమ్మం పట్టుకుని నిలబడింది. గంప ఇద్దరి కళ్ల ముందూ కదిలింది.

"ఇంకో సంగతి," అన్నాడు ఇంజనీరు కలం మూయకుండానే. "మిగతా వార్డుల్లో పోలీసుల్ని పెట్టినా జనం డబ్బా పక్కనుంచి కదల్లేదు. ఇక్కడ నువ్వు ఒక్క మాటంటే వీధంతా వెనక్కి జరిగింది. అన్ని వార్డులూ తిరిగి ఆ గజం నేర్పడానికి నాకో మనిషి కావాలి. బరువులెత్తే పని ఉండదు. వస్తావా?"

అతను భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లోపలికి వెళ్లి గజంబద్ద తెచ్చి అతని చేతికిచ్చింది.

సోమవారం నుంచి కొత్త పనిలో చేరాడు. నడుము నొప్పి నెమ్మదించింది. స్కూలు యూనిఫారాలన్నీ ఆవిడకే వచ్చాయి. అతనికి సొంతంగా ఒక గజంబద్ద ఇప్పించాలని ఆఫీసులో ఫైలు పెట్టారు. అది ఇంకా బల్ల మీంచి బల్ల మీదకు కదులుతోంది, అందాకా ఆవిడ జానలతో కొలిచి బట్టలు కుడుతోంది.