నిద్రపోయే పాదానికి కొలత

మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో కునుకు తీస్తున్న భార్య కాలు ఒళ్ళో పెట్టుకుని, అరికాలికి అట్టముక్క ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీత గీస్తున్న డెబ్బయ్యేళ్ళ మొగుణ్ణి మీరు కిటికీలోంచి చూస్తే ఏమనుకుంటారు?

పక్క పొలం డల్సీ కూడా అదే అనుకుంది. మాకని తెచ్చిన నిమ్మకాయలు గుమ్మంలో పెట్టి, పిల్లిలా వెళ్ళిపోయింది.

మా ఊరు డ్రై క్రీక్‌లో నన్ను రేడియో అంటారు. నేను మాట్లాడను కనుక. మా ఊళ్ళో పేర్లు అలాగే పెడతారు. ఆరున్నర అడుగులవాడు పొట్టోడు. ఊరి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి పావుగంట పట్టేవాడు స్పీడీ. నా అసలు పేరు మర్విన్ అని మా ఆవిడ నోరీన్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమెకైనా కోపమొచ్చినప్పుడే గుర్తొస్తుంది.

మాట్లాడనివాడు ఇంత కథ ఎందుకు మొదలుపెట్టాడంటారా? డల్సీ చెప్పింది మీరు ఈపాటికి వినే ఉంటారు. అందుకు.

ఏప్రిల్లో మా ఊరి హాలుకు నూరేళ్ళు నిండాయి. శనివారం మధ్యాహ్నం డాన్సు, తరువాత టీ. ఆడవాళ్ళు తలా ఒక పళ్ళెం నిండా ఏదైనా చేసి తేవాలి. మగవాళ్ళు ఆకలి తేవాలి. ముందుగా జంటలన్నీ వరసకట్టి హాలు చుట్టూ నడుస్తాయి. అందరికన్నా పాత జంట ముందుంటుంది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంతో ఆ జంట మేమే. మా తరువాత స్పీడీ, వాళ్ళావిడ వాల్డా. వాళ్ళే గనక ముందు నడిస్తే, వెనకున్నవాళ్ళు నూట ఒకటో ఏడు కూడా అక్కడే జరుపుకోవాలి.

అసలు సంగతి అది కాదు. నాకు మాటలు రావు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని కూడా ఆ హాల్లోనే, డాన్సు మధ్యలో, చెయ్యి కాస్త గట్టిగా నొక్కి అడిగాను. "సరే గానీ, ముందు నా కాలు మీంచి దిగు" అంది. ఆ తరువాత ఆమెకు చెప్పాల్సినవన్నీ నెలకొకసారి ఆ చెక్క నేల మీదే చెప్పుకుంటూ వచ్చాను. ఆరు నెలలుగా అది లేదు. నోరీన్ బొటనవేలి పక్క ఎముక ఉబ్బింది. పాదం నడిమి వంపు కుంగింది.

"నేను రాను" అంది.

"ఎందుకని?"

"జోళ్ళు లేవు."

ఆరు వారాలకొకసారి మా ఊరికొచ్చే పాదాల డాక్టరమ్మ జోళ్ళ బొమ్మ ఉన్న కాగితం ఒకటి ఇచ్చి వెళ్ళింది. టీలో నానిన బిస్కెట్ రంగు. మీద వెడల్పాటి పట్టీ. లాగితే చర్ర్‌మని ఊడుతుంది.

"పాదానికి మంచి ఊతమట" అన్నాను.

"పడవ కూడా మంచి ఊతమే. కాళ్ళకు కట్టుకుంటామా?"

"ఎవరు చూస్తారులే."

"నువ్వు చూడవని తెలుసు. ఊరు చూస్తుంది. అరవై తొమ్మిదేళ్ళొస్తే ఆడదాని కాళ్ళకు సరదా చచ్చిపోతుందా? నాకు ఎర్రవి కావాలి. నొప్పెట్టనివి కావాలి. ఈ రెండూ ఒకే జతలో కుట్టే మొనగాడు దొరికేదాకా పొయ్యి ముందరే నా డాన్సు. నువ్వు వెళ్ళి వాల్డాతో ఆడుకో."

నేను చూడననడం అన్యాయం. నలభై ఏళ్ళు గుర్రాలకు నాడాలు కొట్టాను. కంచె ఇవతల నిలబడి, మందలో ఏ గొర్రె ఏ కాలు కుంటుతోందో చెప్పగలను. ఆ మధ్య నా ఎడమ మడమ కూడా పొద్దుటిపూట కాస్త సలుపుతోంది. అది చెప్పుకోదగ్గ సంగతి కాదు. ఎవరికీ చెప్పలేదు.

పట్నంలో కొలతకు జోళ్ళు కుట్టే ముసలాయన ఒకడున్నాడని తెలిసి, నోరీన్ బట్టలు ఆరేస్తున్నప్పుడు ఫోన్ చేశాను. ఎర్ర తోలు, పొట్టి మడమ, లోపల వంపుకు ఊతం. అన్నీ కుదురుతాయన్నాడు.

"సాయంత్రంపూట, మనిషిని నిలబెట్టి, పాదం చుట్టూ గీసి పంపండి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. గుర్రాన్ని ఎవడైనా కాగితం మీద నిలబెట్టి కొలుస్తాడా? కాలెత్తి ఒళ్ళో పెట్టుకుని చూస్తాం. పైగా నిలబెడితే నోరీన్‌కు తెలిసిపోదూ? అందుకే ఆ కునుకు, ఆ అట్టముక్క. గీసింది కవరులో పెట్టి, గేటు దగ్గరి పెట్టెలో వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ రోజు కుక్కకు ఒక ఎముక ఎక్కువ వేశాను.

నాలుగు వారాలకు పార్సిలొచ్చింది. గొర్రెల షెడ్డులో విప్పి చూశాను. నాకు జోళ్ళ అందం తెలియదు గానీ తోలు తెలుసు. పండిన చెర్రీ రంగు. మీద సన్నటి పట్టీ, చిన్న గుండీ. లోపల అరిచెయ్యి పట్టినట్టు వంపు. ఉన్ని బస్తాల మధ్య దాచాను.

మంగళవారం పొద్దున నోరీన్ స్నానం చేసి తడికాళ్ళతో వరండా దాటింది. చెక్క మీద అడుగు పడింది. ఎందుకో అనుమానం వచ్చి, ఒక కాలి జోడు పరుగున తెచ్చి ఆ అడుగు పక్కన పెట్టాను.

జోడు వేలెడు సన్నం.

అప్పుడర్థమైంది. గిట్ట ఎత్తినా దించినా గిట్టే. నోరీన్ పాదం అలా కాదు. నిలబడితే పరుచుకుంటుంది. డాన్సుకు ఇంక నాలుగు రోజులే.

బూట్లు బిగుతైతే మా నాన్న వాటి నిండా తడి గోధుమలు కూరి, ఒక రాత్రి ఉంచేవాడు. గింజలు ఉబ్బి తోలును సాగదీస్తాయి. నేనూ కూరి, జోళ్ళ నోరు గట్టిగా కట్టి, పని త్వరగా కావాలని వేడినీళ్ళ ట్యాంకు వెనక పెట్టాను. ఒక్క రాత్రే.

బుధవారం తెల్లారేసరికి నా పొట్టేళ్ళు కంచె విరగ్గొట్టి స్పీడీ మందలో పడ్డాయి. నేనొక్కణ్ణే అయితే గంట పని. స్పీడీ సాయానికొచ్చాడు. మూడు రోజులు పట్టింది.

శనివారం పొద్దున కాఫీ తాగుతుంటే ట్యాంకు గుర్తొచ్చింది.

జోళ్ళకు గడ్డం మొలిచింది. పచ్చటి, ఏపుగా ఉన్న గడ్డం. ఈ ఏడు నా పొలంలో కూడా గోధుమ అంత బాగా మొలవలేదు. ఒక పక్క కుట్లు విడిపోయి వేర్లు బయటికి చూస్తున్నాయి.

అయినా ధైర్యం పోలేదు. మొలకలు కోళ్ళు తింటాయి, కుట్లు నేను వేస్తాను, ఇంకా నాలుగు గంటల టైముంది అనుకుని జోళ్ళు తీసుకెళ్ళి కోళ్ళ గూట్లో పెట్టాను.

మా నల్లపెట్ట మహారాణి తిండి దగ్గర తొందర మనిషి. పట్టీలో తల దూర్చి, మొలకలు లాగి, తల వెనక్కి తీసుకోబోతే రాలేదు. జోడు మెడకు వేలాడింది. అరుచుకుంటూ గూడు దాటి, పెరడు దాటి, నేరుగా వంటింట్లోకి దూరింది. అక్కడ నోరీన్, డల్సీ హాలుకు తీసుకెళ్ళే స్పాంజి కేకు మీద మీగడ రాస్తున్నారు.

నేను చేరేసరికి మహారాణి కేకు మధ్యలో నిలబడి ఉంది.

"మర్విన్!" అంది నోరీన్. అసలు పేరే. "కోడికి జోడెందుకు తొడిగావు?"

నేను నోరు తెరిచేలోపు డల్సీ గుండె పట్టుకుంది. "ఓరి దేవుడా! అవి నా జోళ్ళు!"

"నీవెలా అయ్యాయి?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా చూసుకున్నారంటే మగవాడికి బయట ఏదో ఒక పనుండాలి. నాకు ఆ పూట ఏ పనీ తోచలేదు.

"కూర్చో" అంది నోరీన్. "ఆ రోజు నేను నిద్రపోయాననుకున్నావా? నీ పెన్సిలు మడమ దగ్గరికొచ్చేసరికి చక్కిలిగింత ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. కాలెత్తి కొలవడానికి నేనేమన్నా గుర్రాన్నా?"

"మరి అప్పుడే చెప్పొద్దూ?"

"నువ్వు చెప్పావా? గేటు దగ్గర కవరు మీద చిరునామా చూసుకుని, డల్సీతో బస్సెక్కి పట్నం వెళ్ళాను. సాయంత్రంపూట, నిలబడి, నా కొలత నేనిచ్చుకున్నాను. జోళ్ళాయన దగ్గరికి చేరిన నీ గీతలో డల్సీ కాలు పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పాపం ముచ్చటపడ్డావు కదా, ఆ జత దాని పుట్టినరోజుకు ఇద్దామనుకున్నాం."

"వచ్చే నెల నాలుగో తారీకు" అంది డల్సీ, కోడి మెడ నుంచి పట్టీ విప్పుతూ. "రేడియో, నిన్ను కిటికీలోంచి చూసి పిచ్చెక్కిందనుకున్నాను. అప్పటికింకా ఎక్కలేదు. ఇప్పుడే ఎక్కింది."

నోరీన్ లోపలికి వెళ్ళి బట్టల బీరువాలోంచి డబ్బా తెచ్చింది. నా జతకు అక్కగారిలాంటి ఎర్ర జత. కాళ్ళకు వేసుకుని, వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది. ముఖంలో ఎక్కడా నొప్పి లేదు. నేను కాళ్ళు చూడలేదు, ముఖమే చూశాను.

"మరి పద" అన్నాను. "వేళవుతోంది."

"ఆగు. డబ్బా కింద ఇంకో డబ్బా ఉంది. అది నీది."

తెరిచాను. టీలో నానిన బిస్కెట్ రంగు. వెడల్పాటి పట్టీ.

"ఆరు నెలలుగా ఎడమకాలు ఈడుస్తున్నావు" అంది. "ఊళ్ళో ప్రతి గొర్రె కుంటూ నీకు కనిపిస్తుంది. నీ కుంటు నాకు కనిపించదనుకున్నావా? డాక్టరమ్మకు చెప్పి తెప్పించాను. మంచి ఊతమట."

"కొలత?"

"నువ్వూ వరండాలో తడికాళ్ళతోనే నడుస్తావు కదా."

"ఇవి వేసుకుని హాలుకు రావాలా?"

"ఎవరు చూస్తారులే" అంది.

అందరూ చూశారు. నోరీన్ ఎర్ర జోళ్ళు ముందు నడుస్తుంటే ఆడవాళ్ళందరూ మెడలు సాచారు. ఆ చూపులు అక్కణ్ణించి పక్కకు జారి నా కాళ్ళ మీద పడి, అక్కడే ఆగిపోయాయి. మూడో మలుపులో నా పట్టీ చర్ర్‌మని ఊడింది. వెనక నుంచి స్పీడీ, "ఎక్కడ దొరుకుతాయి రేడియో అవి?" అని ఆశగా అడిగాడు.

కేకు పోయింది కదా. డల్సీ మాత్రం వట్టి చేతులతో రాలేదు. పళ్ళెంలో తెల్ల గుడ్డ పరిచి, దాని మీద మొలకెత్తిన జోడు పెట్టి, టీ బల్ల మధ్యలో ఉంచింది. అడిగినవాళ్ళకూ చెప్పింది, అడగనివాళ్ళకూ చెప్పింది. ఆమె కొత్త జతకు కొలత నేనే తీయాలట, నిలబెట్టి, ఊరందరి ముందూ.

చివరి డాన్సులో నోరీన్ చెయ్యి నా చేతిలో ఉంది. మడమ సలపడం లేదు. ఎప్పటిలా చెయ్యి కాస్త గట్టిగా నొక్కాను. ఆమె చాలదన్నట్టు చూసింది. నోరు తెరవక తప్పలేదు.

"జోళ్ళు బాగున్నాయి" అన్నాను.

"ఎవరివి?"

హాలు సగం చుట్టు తిరిగేదాకా ఆలోచించాను.

"రెండు జతలూ."

"అబ్బో!" అంది నోరీన్. "ఇవాళ మరీ వాగుతున్నావయ్యా."