భూతద్దం బాబు, మెరిసే నట్టు

ముందు ఈ సంగతి తేలాలి. పనీపాటా లేని మనిషి చేతికి భూతద్దం ఇచ్చిందెవరు? షెడ్డు ఓనరుగారూ, మీరే. బామ్మర్దికి పుట్టినరోజు కానుకట. అదే కొట్లో చీపురు కూడా ఉంది. అది ఇచ్చుంటే షెడ్డు శుభ్రపడేది. భూతద్దం ఇచ్చారు, ఒక మనిషి పరువు వీధిన పడింది. పళ్లికిలించి చూస్తూ నిలబడ్డ మేమూ తక్కువ వాళ్లం కాదు, ఆ పాపంలో మా వాటా మాకుంది.

నేను ఆ కార్ల రిపేరు షెడ్డులో పెయింటర్ని. బామ్మర్దిగారు అవతరించిన రోజు అక్కడే ఉన్నాను. టైర్ల గుట్ట ఎక్కి, మెడలో మఫ్లర్ సవరించుకుని, నేరమన్నది ఎక్కడున్నా ఇకమీదట తన నీడ చూసి గడగడలాడాల్సిందేనని ప్రకటించాడు. గడగడలాడింది టైర్ల గుట్ట. నేర ప్రపంచానికి తగలాల్సిన తొలి దెబ్బ ఆయన నడుముకి తగిలింది. ఆ రోజు నుంచి మాకాయన భూతద్దం బాబు.

అసలు కేసుకి వస్తాను. ఒక ముసలి డాక్టరుగారి కారు మా షెడ్డుకి వచ్చింది. కారుకీ ఆయనకీ ఇంచుమించు ఒకే వయసు, దగ్గు కూడా ఒకేలా ఉంటుంది. పొగ పరీక్షలో తప్పిందంటే అది రోడ్డెక్కడానికి వీల్లేదు. అందుకని డాక్టరుగారు ఆక్సిజన్ సెన్సర్ ఒకటి తెప్పించారు. సైలెన్సర్ పైపులో దూర్చితే, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతోందో తక్కువ తాగుతోందో మీటరులో చూపిస్తుంది. పాత కారు కదా, పైపులో దానికి చోటు లేదు. పైపు విప్పి, కన్నం చేసి, సెన్సర్ బిగించడానికి లోపల మరలున్న ఇనప దిమ్మను వెల్డింగ్ చెయ్యాలి.

ఆ పని మా వెల్డరక్కది. ఆమె అతుకు వేస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. నోరు మాత్రం వెతుక్కోనక్కర్లేదు, వీధి చివరికి వినిపిస్తుంది. పైపులో ఊరే నీళ్లు సెన్సర్ మీద పడకుండా దాన్ని ఏటవాలుగా పైకి నిలబెట్టింది. పైపు మళ్లీ ఎక్కించేటప్పుడు ఇంజన్ దగ్గరి జాయింటులో తుప్పు పట్టిన మూడు నట్లలో ఒకటి విరిగితే, దాని చోట కొత్తది బిగించి భోజనానికి వెళ్లింది.

ఆ సమయంలో భూతద్దం బాబు కారు కింద దూరి తనిఖీ చేశాడు. ఏం చేశాడో ఎవరూ చూడలేదు. బయటికి వచ్చి, చిక్కుముడి విడిపోబోతోందని మాత్రం చెప్పాడు. చిక్కుముడి అప్పటికింకా పడనే లేదు.

మర్నాడు ఇంజన్ స్టార్ట్ చేస్తే మీటరు ముల్లు పెట్రోలు తక్కువ అన్న వైపు వాలిపోయింది. ఇంజన్‌కి పెట్రోలు ఇంకాస్త అందేలా ఓనరు కార్బురేటర్‌లో పెద్ద జెట్టు వేశాడు. ముల్లు కదల్లేదు. ఇంకా పెద్దది వేశాడు. కారు వెనక నుంచి కాటుక లాంటి పొగ లేచింది, నేను రంగేసి ఆరబెట్టిన తెల్ల డోరు బూడిదరంగుకి తిరిగింది. పొగ నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు కదా అని అడిగాను. రంగులేసేవాడివి రంగులు చూసుకోమన్నాడు. నేను చూసి చెప్పిందీ రంగే. కానీ మీటరు కొత్తది, ఖరీదైనది. నా కళ్లు పాతవి, ఊరికే వచ్చినవి.

అప్పుడు రంగంలోకి దిగాడు మన అపరాధ పరిశోధక శిఖామణి. ట్యాంకులో పెట్రోలు చూస్తుండగానే కరిగిపోతోంది. ఇంజన్‌కి అందడం లేదని మీటరు చెబుతోంది. మరి మధ్యలో మాయమవుతున్నది ఎక్కడికి? ఆయన భూతద్దం నెమ్మదిగా షెడ్డంతా తిరిగి, గోడ పక్కన ఉన్న వెల్డరక్క మోపెడ్ మీద ఆగింది. మూత తీసి చూశాడు. ట్యాంకు నిండుగా ఉంది.

"బావా, దొంగ దొరికింది" అన్నాడు.

పొద్దున వస్తూ బంకులో కొట్టించుకున్నానని అక్క చెప్పింది. నేరస్థులందరూ మొదట అలాగే అంటారని ఆయన నవ్వాడు. ఓనరు నవ్వలేదు, ఆలోచించనూ లేదు. నిజం తేలేదాకా వెల్డింగ్ సామాను ముట్టుకోవద్దన్నాడు. అదీ షెడ్డు మధ్యలో, ముగ్గురు కస్టమర్ల ముందు.

ఆ వీధిలో ఉన్నవన్నీ షెడ్లే. దొంగ అన్న మాట ఈ గుమ్మం దాటితే ఆ గుమ్మంలో పని దొరకదు. ఆ సంగతి అక్కకి తెలుసు. అందుకే ఇంటికి పోకుండా గేటు దగ్గర బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంది. వీధి చివరికి వినిపించే గొంతు ఆ పూట పక్కనున్న నాకే వినిపించలేదు.

సాయంత్రం భూతద్దం బాబు తిరుగులేని సాక్ష్యం కోసం పూనుకున్నాడు. ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, దొంగ వేలిముద్రల కోసం ఇంజన్ మొదలు సెన్సర్ దాకా పైపంతా చల్లాడు. ఆ పైపు బిగించిందే ఆమె అయితే ఆమె వేలిముద్రలు కాక నీ మేనత్తవి ఉంటాయా అని అడిగాను. శాస్త్రానికి అడ్డు రావద్దన్నాడు. తర్వాత, నేరం జరిగిన తీరు కళ్లారా చూడాలి, ఇంజన్ స్టార్ట్ చెయ్యమని బావని ఆజ్ఞాపించి, కారు కింద జాయింటు దగ్గర మొహం పైపుకి ఆనించి పడుకున్నాడు.

ఓనరు తాళం తిప్పాడు.

జాయింటు దగ్గర పౌడరు బుస్సున లేచింది. ముందు తెల్లగా, వెనకే మసి. పరిశోధకుడి మొహం ఆరని సున్నపు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టినట్టు తయారైంది. కానీ మిగతా పైపంతా పౌడరు కదలకుండా ఉంది, ఆ ఒక్కచోటే ఎగురుతోంది. అందరం చూశాం. అక్క డ్రమ్ము దిగి వచ్చి, కారు కిందకి వంగింది.

"ఇక్కడ మూడో నట్టు ఏది?"

తుమ్ములు ఆగాక భూతద్దం బాబు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో తళతళలాడుతూ నట్టు ఉంది.

"భద్రంగా నా దగ్గరుంది. రెండు తుప్పు నట్ల మధ్య ఒక్కటే కొత్తది. అనుమానం రాదా మరి?"

"నేను బిగించింది నువ్వు విప్పావా?"

"విప్పలేదమ్మా, సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నా."

ఇదీ ఘోర నేరం. నట్టు లేని జాయింటు సందు విచ్చింది. ఆ సందులోంచి పొగ బయటికి, బయటి గాలి లోపలికి. ఆ గాలిలోని ఆక్సిజన్ తగిలి సెన్సర్, పెట్రోలు చాలడం లేదని మొత్తుకుంది. అది విని ఓనరు ఇంకాస్త పోశాడు. పెట్రోలు దొంగ ఇంజనే, పోసి తాగించింది ఓనరే.

అక్క కవరు లాక్కుని నట్టు బిగించింది. పాత జెట్టు మళ్లీ వేశారు. ముల్లు లేచి మధ్యలో నిలబడింది. కారు పరీక్ష గట్టెక్కింది.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్నే కాదు. మా వాడు పౌడరు చల్లకపోతే కేసు తేలేదా అని ఓనరు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. బామ్మర్దికి కొత్త మఫ్లర్ కొనిపెట్టాడు. వెల్డరక్కతో మాత్రం, జరిగిందేదో జరిగింది, పనిలోకి రమ్మన్నాడు. అంటే, దొంగ అన్న మాట ఆ వీధిలో ఇంకా తిరుగుతూనే ఉంది.

అది కుదరదు ఓనరుగారూ. ఆమెని ఎక్కడ నిలబెట్టి అన్నారో అక్కడే మీరు నిలబడండి. ఆ ముగ్గురు కస్టమర్లనీ పిలిపించండి. వీధి చివరికి వినపడేలా, తప్పు మాది అని చెప్పండి. చెప్పేదాకా ఆమె వెల్డింగ్ టార్చి ముట్టదు, నేను బ్రష్షు ముట్టను. ఆ భూతద్దం అక్క చేతికివ్వండి, సన్న అతుకులు చూసుకోవడానికి పనికొస్తుంది. బామ్మర్దికి చీపురు ఇవ్వండి. పౌడరు ఇంకా అక్కడే ఉంది.